సమస్య: “మాట మానినపుడె మాటకారి”

పాలకొల్లు, సమస్య ఇచ్చినవారు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. పూరణకు ఒక్క నియమం పెడుతున్నాను. విషయం ఔట్‌కాస్ట్ అనే ర్యాప్ జంటలో ఒకరైన ఆండ్రే 3000 విడిగా వెలువరించిన తొలి ఆల్బమ్, ‘న్యూ బ్లూ సన్’ కావాలి. ర్యాప్ మనకెందుకని కొందరు పెద్దలు అనవచ్చు. ఆశువుగా, లయ తప్పకుండా, ఎదుటివాడి మాటను అందుకొని చెప్పడం కూడా ఆ కళలో భాగం కాబట్టి, అవధానం వర్ధిల్లిన ఈ డెల్టాలో దానికి చోటు లేదనడం నాకు సబబుగా తోచలేదు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. అమెరికాలోని అట్లాంటా నగరంలో హైస్కూలు రోజుల్లో కలుసుకున్న ఆండ్రే 3000, బిగ్ బాయ్ అనే ఇద్దరు 1994లో తొలి ఆల్బమ్ తెచ్చారు. 2006 నాటికి ఇద్దరి పేరా ఆరు ఆల్బమ్‌లు వచ్చాయి. ఆ తరువాత బిగ్ బాయ్ 2010 నుంచి విడిగా ఆల్బమ్‌లు చేస్తూ వచ్చాడు గాని, ఆండ్రే మాత్రం ఇతరుల పాటల్లో అప్పుడప్పుడు ఒక చరణం చెప్పి తప్పుకునేవాడు. పదిహేడేళ్ళు ఎదురుచూసిన అభిమానులకు 2023 నవంబరు 17న ఆయన ఇచ్చినది వేణువాద్యం. ఎనిమిది గీతాలు, సుమారు 87 నిమిషాల నిడివి, ఒక్క ర్యాప్ చరణం కూడా లేదు. మొదటి గీతం పేరే ఒక సంజాయిషీ: ఒట్టు, నిజంగా ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నాను గాని ఈసారి గాలి నన్ను ఇటు తోసింది, అని దాని తాత్పర్యం. మాటలతోనే పేరు తెచ్చుకున్నవాడు మాట మానితే మాటకారి ఎట్లా అవుతాడన్నదే సమస్య.

రాజోలు సభ్యులు:

ర్యాపు జంటలోన రాజిల్లు నొక్కఁడు
వేణు వూఁదె నేఁడు వినుఁడు మీరు
ఒక్క పలుకు లేక యొప్పెను గీతముల్
మాట మానినపుడె మాటకారి

సమస్య ఇచ్చినవారు:
మాష్టారూ, తొలి పూరణ మీదే అయినందుకు సంతోషం. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ‘రాజిల్లు నొక్కఁడు’ అన్నచోట నుగాగమం కూడా చక్కగా కుదిరింది. అయితే రెండో పాదంలోని ‘వినుఁడు మీరు’ యతి కోసం పిలిస్తే వచ్చి కూర్చున్న చుట్టం తప్ప, దానికి అక్కడ పని లేదు. ‘వెఱపు లేక’ అని మారిస్తే యతి నిలుస్తుంది, అర్థమూ పెరుగుతుంది. ర్యాప్ కోసం వచ్చినవారు మోసపోయామనుకోకుండా ఈ ఆల్బమ్ అట్టమీదనే ‘ఇందులో ర్యాప్ చరణాలు లేవు, జాగ్రత్త’ అని అర్థం వచ్చే హెచ్చరిక వేశారు. దానికి కొంత వెఱపులేనితనం కావాలి కదా. ఇంతకన్న పెద్ద లోపం మరొకటి ఉంది. మీ పద్యం వార్త చెప్పింది గాని, వైరుధ్యాన్ని విప్పలేదు. మాట మానినవాడు మాటకారి అయ్యాడని నాలుగో పాదం అంటోంది సరే, ఎందుకయ్యాడో పై మూడు పాదాల్లో లేదు.

రాజోలు సభ్యులు:
సవరణ శిరోధార్యం. ‘వెఱపు లేక’ అనే చదువుకోవలసిందిగా మనవి.

రామచంద్రపురం సభ్యురాలు:
1998లో ఆ జంట తెచ్చిన ఆల్బమ్ పేరు ‘అక్వెమినై’. అది బిగ్ బాయ్‌ది కుంభరాశి, ఆండ్రేది మిథునరాశి అని ఆ రెండు రాశుల పేర్లను కలిపి కట్టిన మాట. దాన్ని ఆధారం చేసుకొని రాశాను.

కుంభ మొకఁడు తోడఁ గూడె మిథునరాశి
జంట యనెడి మాట జగతి నిండె
మిథున మొంటి యైన మెదలె వేణువులోన
మాట మానినపుడె మాటకారి

సమస్య ఇచ్చినవారు:
అమ్మా, మూడో పాదం దగ్గర ఆగి రెండుసార్లు చదువుకున్నాను. మిథునం అంటేనే జంట. ‘మిథున మొంటి యైన’ అనడంతో సమస్యలోని వైరుధ్యానికి పైన మరొక వైరుధ్యం కట్టారు. జంట ఒంటరి కావడం, మాటకారి మౌని కావడం ఒకదానికొకటి అద్దం పట్టాయి. మొదటి పాదంలో కుం, గూ యతి కూడా సహజంగా పడింది.

ఆకివీడు సభ్యులు:
పద్యం బాగుంది గాని నా పంచాంగం ఊరుకోవడం లేదు. ఆండ్రే పుట్టినది 1975 మే 27. మన లెక్కలో అప్పుడు సూర్యుడు వృషభంలో ఉంటాడు. బిగ్ బాయ్ పుట్టిన ఫిబ్రవరి 1కి కుంభ సంక్రమణమే కాదు, మకరంలోనే ఉంటాడు. మిథునం, కుంభం అన్నది పాశ్చాత్యుల సాయన గణితం.

రామచంద్రపురం సభ్యురాలు:
బాబాయిగారూ, నిజమే. కాని ఆల్బమ్‌కు పేరు పెట్టుకున్నవారు వారి లెక్కనే నమ్మారు. వారి జాతకాన్ని మన పంచాంగానికి మారిస్తే, పేరును కూడా మార్చవలసి వస్తుంది.

సమస్య ఇచ్చినవారు:
వృషభ మకరాలతో ఆ శ్లేష పండదు కాబట్టి ఈ వివాదాన్ని ఇక్కడితో ముగిద్దాం.

భీమవరం విద్యార్థి:
గురువుగారికి నమస్కారం. ఆటవెలది రాయడం ఇది మూడోసారి. తప్పులుంటే చెప్పండి.

ఇద్ద ఱొక్క పేర నిద్దఱు వేఱుగా
రెండు డిస్కు లందుఁ గొండ కెగసి
విడిన యతఁడు నేఁడు వెదురునే పలికించె
మాట మానినపుడె మాటకారి

రాజోలు సభ్యులు:
బాబూ, రెండో పాదంలో యతి తప్పింది. మొదటి అక్షరం ‘రె’, నాలుగో గణం మొదటి అక్షరం ‘గొ’. రెంటికీ మైత్రి లేదు.

సమస్య ఇచ్చినవారు:
మాష్టారూ, ఈ ఒక్కసారికి పిల్లవాడి పక్షం వహిస్తాను. అక్కడ ఉన్నది ప్రాసయతి. ‘రెండు’, ‘గొండ’ అన్న మాటల్లో మొదటి అక్షరాలు రెండూ బిందువుతో కూడిన గురువులు, రెండో అక్షరాల్లో హల్లు ఒక్కటే. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. తెలిసి వేశాడో, చెవి చెప్పినట్టు వేశాడో నాకు తెలియదు గాని, చెవి చెప్పినదైతే ఇంకా మంచిది.

విషయానికి వస్తే, 2003లో వచ్చిన జంట ఆల్బమ్‌ను మొదటి రెండు పాదాల్లో బాగా పట్టావు. ఒక్క పేరు మీద రెండు డిస్కులు: ఒకటి ప్రధానంగా బిగ్ బాయ్‌ది, రెండోది ప్రధానంగా ఆండ్రేది. మరుసటి సంవత్సరం దానికే గ్రామీ పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ గౌరవం దక్కింది. ‘కొండ కెగసి’ అన్న మాట ఆ శిఖరాన్ని ఉద్దేశించిందని అర్థం చేసుకున్నాను, అయినా ప్రాస కోసం కొండను తెచ్చిన వాసన కొంచెం మిగిలే ఉంది. ‘విడిన’ అన్న విశేషణం మరీ కఠినం. విడివిడిగా పని చేసినా, 2014లో తొలి ఆల్బమ్‌కు ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంలో ఇద్దరూ ఒకే వేదిక మీద ఎన్నో సంగీతోత్సవాల్లో పాడారు. విడిపోవడం వేరు, విడిగా ఉండడం వేరు. మన కాలువలు ధవళేశ్వరం దగ్గర విడిగా బయలుదేరినా నీరు ఒక్కటే అన్న సంగతి నీకు చెప్పనక్కరలేదు.

భీమవరం విద్యార్థి:
ప్రాసయతి అని తెలియదండి. చదివితే బాగుందని ఉంచాను.

ముమ్మిడివరం సభ్యులు:

కొబ్బరాకు బూర గొంతెత్తి యూఁదఁగ
వినియె నెల్ల పల్లె వేయి చెవుల
అట్టు లాండ్రె యూఁదె నట్లాంట బాలుఁడు
మాట మానినపుడె మాటకారి

సమస్య ఇచ్చినవారు:
కోనసీమ వాసన గుప్పుమన్నది. కొబ్బరాకు బూర చేయడం మరచిపోయినవారి కోసం చెబుతున్నాను: పచ్చి ఆకు ఒకటి తెంపి, ఈనె తీసివేసి, సగం ఆకును కొన నుంచి ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే గరాటులా వస్తుంది, విప్పుకోకుండా తీసిన ఈనె ముక్కనే గుచ్చి, సన్నని కొసను వేళ్ళతో చదును చేసి పెదవుల మధ్య పెట్టుకోవాలి. మొదట గాలి మాత్రమే వస్తుంది. నాలుగోసారికో అయిదోసారికో బాతు అరిచినట్టు ఒక చప్పుడు వస్తుంది. ఊదేవాడికి అంతకన్న ఆనందం లేదు, ఇంట్లోవారికి అంతకన్న తలనొప్పి లేదు. ఆండ్రే కూడా తానేదో వేణువిద్వాంసుడినని చెప్పుకోలేదు. శాస్త్రీయంగా నేర్చినవాడి పట్టుతో కాక, వెతుకులాడుతూ ఊదిన తీరు ఆ ఆల్బమ్ అంతటా వినిపిస్తుంది. అందువల్ల మీ ఉపమానం పైకి కనిపించేదానికన్న లోతైనదే.

ఇక లోపాలు చెబుతాను. గొంతెత్తి పాడతారు గాని ఊదరు. ‘కొబ్బరాకు బూర కుఱ్ఱవాఁ డూఁదఁగ’ అంటే కొ, కు యతి చెల్లుతుంది, ఊదేవాడు కూడా కళ్ళ ముందుకు వస్తాడు. రెండోది, ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. ‘బాలుఁడు’ అంటే ఆయన సంతోషించవచ్చు గాని మనం ఒప్పుకోలేం. ‘నట్లాంట ఘనుఁడును’ అని మార్చుకోవచ్చు.

కొత్తపేట సభ్యురాలు:
వయస్సు మాట వచ్చింది కాబట్టి ఒకటి చేరుస్తాను. ర్యాప్ ఎందుకు చేయలేదని అడిగితే, ఈ వయస్సులో ర్యాప్‌లో చెప్పుకోవడానికి ఏముంది, కంటిచూపు తగ్గుతున్న సంగతా, పెద్దపేగు పరీక్షకు వెళ్ళవలసిన సంగతా అన్న ధోరణిలో ఆయన సమాధానమిచ్చారు. చెప్పడానికి నిజమైన మాట లేనప్పుడు మానుకోవడమే మాటకు మర్యాద అన్న భావం అందులో ఉంది. మీరు రాజోలు మాష్టారిని అడిగిన ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుందేమో.

ఆకివీడు సభ్యులు:
నాకు ఆ సమాధానం చాలలేదు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, మా పక్క యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు తిరుపతి వేంకట కవులుగా ఒక్క సంతకంతో బతికారు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయిన తరువాత కూడా చెళ్ళపిళ్ళవారు తాము ఒక్కరే రాసిన కావ్యాలను జంట పేరుతోనే ప్రకటించారు. ఆ దృష్టితో సమస్యను ప్రశ్నగా మార్చాను.

తోడు పోయినంతఁ దొలఁగ లే దా పేరు
చెలిమి నిలిపె నిట్లు చెళ్ళపిళ్ళ
జోడు నిలిచి యుండ జోకొట్టి పలుకును
మాట మానినపుడె మాటకారి?

సమస్య ఇచ్చినవారు:
సమస్యను కాకువుతో, అంటే ప్రశ్నించే గొంతుతో, తిప్పికొట్టడం అవధానుల పాత ఎత్తు, మీ చేతిలో అది మొద్దుబారలేదు. ‘జోకొట్టి పలుకును’ ఈ వారం వచ్చిన పలుకుబళ్ళలో నాకు ఎక్కువ నచ్చినది. పలుకును చంపలేదు, నిద్రపుచ్చాడు, లేచే అవకాశం ఉంది. మొదటి పాదాన్ని మాత్రం పైకి చదివితే ‘తొలగలేదా’ అన్న ప్రశ్నలా వినిపించి శ్రోత ఒక్క క్షణం తడబడతాడు.

వాదంతో నాకు పేచీ ఉంది. చెళ్ళపిళ్ళవారు ఒంటరిగా రాసినదానికి ఇద్దరి పేరు పెట్టి జంటను నిలిపారు. ఆండ్రే ఒంటరిగా చేసినదానికి జంట పేరు వాడుకోలేదు, జంట విద్యను కూడా వాడుకోలేదు. బిగ్ బాయ్ పక్కన లేకుండా ర్యాప్ ఆల్బమ్ తెచ్చి ఉంటే, ప్రతి చరణం దగ్గర వినేవాళ్ళు రెండో గొంతు కోసం చెవి రిక్కించేవారు. ఆ పోలికకు తావివ్వకపోవడం కూడా ఒక రకం చెలిమి కాదా? చెళ్ళపిళ్ళవారిది పేరు నిలిపిన చెలిమి, ఇతనిది చోటు ఖాళీగా ఉంచిన చెలిమి అని నా అభిప్రాయం. ఇంతవరకు వచ్చిన పూరణల్లో తోడు మనిషిని మనసులో పెట్టుకున్నవి మీదీ, రామచంద్రపురం వారిదీ మాత్రమే. జంటలో ఒకరి గురించి రాస్తూ రెండోవారిని మరచిపోతే సమస్యలో సగమే పూరించినట్టు.

ఆకివీడు సభ్యులు:
ఖాళీగా ఉంచిన చోటును చెలిమి అనాలంటే నాకు ఇంకొంత వ్యవధి కావాలి. మొదటి పాదం మాత్రం సవరించుకుంటాను.

కొత్తపేట సభ్యురాలు:
మాఘంలో మా ఇంటి పెళ్ళికి వచ్చిన సన్నాయి మేళంలో శ్రుతి పట్టే పెద్దాయన గంటన్నర సేపు ఒక్క స్వరం మీదనే నిలిచారు. కూర్చున్నవాళ్ళలో ఎవరూ ఆయన వైపు చూడలేదు. మధ్యలో ఆయన కాఫీ కోసం లేచినప్పుడు సన్నాయి విద్వాంసుడు వాయించడం ఆపి, ఆయన తిరిగి వచ్చి కూర్చునేదాకా పీకను తుడుచుకుంటూ ఉండిపోయారు. అది తలచుకొని రాసిన పద్యం.

శ్రుతినిఁ బట్టువాఁడు సుతిమెత్తగా నుండ
రాగ మల్లువాఁడు రక్తి నింపు
తోడు మాట విలువ తోఁచెనో యేమొకో
మాట మానినపుడె మాటకారి

రాజోలు సభ్యులు:
శ్రు, సు యతి శకార సకారాల మైత్రితో చెల్లుతుంది. ఈసారి ముందుగానే సరిచూసుకొని చెబుతున్నాను.

సమస్య ఇచ్చినవారు:
ఈ వారానికి నా ఎంపిక ఇదే. ఆండ్రే పేరు లేదు, వేణువు పేరు లేదు, అయినా విషయం దాటిపోలేదు. శ్రుతి పట్టేవాడు, రాగం అల్లేవాడు అన్న జంటలో ఎవరు ఆండ్రే, ఎవరు బిగ్ బాయ్ అన్నది తేల్చకుండా వదిలివేయడం మరింత బాగుంది. ముప్పై ఏళ్ళలో ఆ పాత్రలు చాలాసార్లు తారుమారయ్యాయి. 12 నిమిషాల 20 సెకన్లు సాగే మొదటి గీతం బిల్‌బోర్డ్ తొలి నూరు పాటల పట్టికలో 90వ స్థానానికి చేరి, అప్పటిదాకా ఆ పట్టికకు ఎక్కినవాటిలో అతి దీర్ఘమైనదిగా నిలిచింది. అంతసేపు మాట లేకుండా జనాన్ని కూర్చోబెట్టినవాడిని మాటకారి అనడానికి మీ పద్యం కారణం చూపింది: తానెప్పుడూ ఒంటరిగా మాట్లాడలేదని అతనికి తోచడం.

ఒక్క సందేహం. మూడో పాదం చివర ‘యేమొకో’ అన్నది ‘తోఁచెనో’ తరువాత పునరుక్తి. సందేహం ఒకసారి చెబితే చాలదా?

కొత్తపేట సభ్యురాలు:
చాలదండి. ఆయన మనసులో ఏముందో ఆయన చెప్పలేదు, నేను ఊహించాను. ఊహ మీద ఊహ కాబట్టి రెండు సందేహాలు పెట్టాను.

సమస్య ఇచ్చినవారు:
అట్లాగే ఉంచండి.