మా మండలంలో సోలార్ ప్లాంటు వస్తోంది: ఫ్రీ ట్రైనింగ్ అంటున్నారు, ఉద్యోగం నిజంగా వస్తుందా?

సీమబిడ్డ:
అందరికీ నమస్తే. మాది కర్నూలు వైపు. మా మండలంలో సోలార్ ప్లాంటు వస్తా ఉంది. మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై ఇంట్లోనే ఉన్నాడు. కంపెనీ వాళ్లు పోయిన వారం గ్రామసభ పెట్టి మూడు నెలల ఫ్రీ ట్రైనింగ్, హాస్టల్, సర్టిఫికెట్ అన్నారు. బడికి బెంచీలు, ఆర్వో ప్లాంటు, ఆడోళ్లకు కుట్టుమిషన్లు కూడా లిస్టులో ఉన్నాయి. నాకు మూడు సంగతులు కావాల. ట్రైనింగ్ అయినాక ప్లాంట్లోనే తీసుకుంటారా? జీతం ఎంత ఉంటుంది? ఊరి తరఫున రాతపూర్వకంగా ఏం అడగాల? సోమవారం మళ్లీ మీటింగు.

నల్లరేగడి:
భూమి ఇచ్చేసినారా, ఇంకా ఇయ్యలేదా? ముందు అది చెప్పు. మా ఊర్లో ఇంటికొక ఉద్యోగం అని మైకులో చెప్పినారు. కాగితం మీద ఒక్క ముక్క ల్యా. కట్టేటప్పుడు ఊర్లో మొగపిల్లోళ్లందరికీ పని దొరికింది. పైల్ గుంతలు తవ్వినారు, స్ట్రక్చర్లు బిగించినారు, కేబుల్ కాలువలు తీసినారు. పొద్దుగూకేదాకా పనే. కరెంటు గ్రిడ్డుకు ఎక్కిన రోజుతో మేస్త్రీలు మూట కట్టుకుని ఇంకో సైటుకు పోయినారు. ఇప్పుడు గేటు కాడ సెక్యూరిటీ, గడ్డి కోసేది, ప్యానెళ్లు కడిగేది, ఇంతే. అది కూడా కంపెనీ ఇయ్యదు, ఏజెన్సీ ఇస్తాది. ఏజెన్సీ మారితే గేట్‌పాస్ కూడా పోతాది. మా నాయన సేద్యం చేసిన చేను కంచె అవతల ఉండాది, నేను ఇవతల నిలబడి చూడాల.

రూఫ్‌టాప్_రవి:
బ్రదర్, ప్లాంట్ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకోవద్దని మీ తమ్ముడికి చెప్పండి. నేను సూర్యమిత్ర చేశాను, అంటే సోలార్ టెక్నీషియన్లకు కేంద్రం ఇప్పించే ట్రైనింగు. 600 గంటల కోర్సు, ఫీజు లేదు, తిండీ హాస్టలూ వాళ్లవే. 2015లో మొదలైన స్కీము అది. పదో తరగతి, ఐటీఐ ఉంటే తీసుకున్నారు. బయటికొచ్చాక నేను ప్లాంటు వైపు వెళ్లలేదు, విజయవాడలో ఇళ్ల మీద పెట్టే పనిలోకి దిగాను. 2024లో పీఎం సూర్యఘర్ (ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ స్కీము) వచ్చాక ఊపిరి తీసుకునే తీరిక లేదు. 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ అనేసరికి జనం వాళ్లే ఫోన్ చేస్తున్నారు. కిలోవాట్‌కు ఇంత అని కూలి మాట్లాడుకుంటాం. ఇద్దరు హెల్పర్లున్నారు, సొంత బండి కొన్నాను. పని కష్టమేమీ కాదు. ఆరు ప్యానెళ్లు సిరీస్‌లో కలిపి కింద ఇన్వర్టర్‌కు (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టె) దించడమే. ప్యానెల్ వైర్లను కలిపే కనెక్టర్లు కూడా ఏ కంపెనీవైనా పర్లేదు, ఎంసీ4 అంటే ఎంసీ4, టక్‌మని పడతాయి.

పొదుపు_అక్క:
సీమబిడ్డా, కుట్టుమిషన్లు మాత్రం వద్దని చెప్పండి నాయనా. మా మండల సమాఖ్యలో ఇట్లాగే ఇచ్చారు. ఊరంతా మిషన్లే అయితే బట్టలు కుట్టించుకునేది ఎవరు? ఇప్పుడు వాటి మీద దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. మా ఆడవాళ్లు ప్లాంట్లో గడ్డి కోతకు, ప్యానెళ్లు తుడిచే పనికి వెళ్తున్నారు. పొద్దున ఆరింటికి లోపలికి వెళ్తే నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. ఆ రెండూ అడగండి ముందు. ఇంకొకటి, ట్రైనింగులో ఆడపిల్లలకు సీట్లు రాయించండి. మీటరు పట్టుకోవడానికి మీసాలు అక్కర్లేదు.

డీసీ_మాస్టర్:
రవి గారూ, మీరు రాసిన చివరి వాక్యం దయచేసి తీసేయండి. పిల్లలు చదువుతారు ఇక్కడ. ఎంసీ4 అంటే ఎంసీ4 కాదు. ఎంసీ4 ఒక కంపెనీ కనెక్టర్ పేరు, మిగతావన్నీ దాన్ని పోలినవి. టక్‌మని పడినంత మాత్రాన లోపల కాంటాక్ట్ సరిగ్గా కూర్చున్నట్టు కాదు. లోహం వేరు, కొలతలో వెంట్రుకవాసి తేడా. ఎండకు, చలికి సాగి ముడుచుకుని రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. కనెక్టర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62852 ప్రకారం పరీక్షించేది ఒకే తయారీదారు జతను. నేను ఇన్వర్టర్ సర్వీసులో ఏళ్ల తరబడి ఉన్నాను, శిక్షణ కూడా ఇస్తాను. కాలిన కనెక్టర్ల డబ్బా ఒకటి క్లాసులో పెట్టుకుంటాను.

రూఫ్‌టాప్_రవి:
మాస్టారూ, నేను కట్టిన ఇళ్లలో ఒక్కటీ కాలలేదు. ప్యానెల్‌తో ఒక బ్రాండ్ వస్తుంది, మార్కెట్‌లో ఇంకో బ్రాండ్ దొరుకుతుంది. రూరల్‌లో ఎక్కడ తెమ్మంటారు ఒకే బ్రాండ్? క్లాసులో కూర్చుని చెప్పడం తేలిక.

డీసీ_మాస్టర్:
ఇంకా కాలలేదు అనండి. ఆరు ప్యానెళ్ల సిరీస్ అంటే దాదాపు 300 వోల్టుల డీసీ. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆర్క్ (తెగిన చోట గాలిలో ఎగిసే కరెంటు మంట) ఆరిపోయే వీలుంది. డీసీకి సున్నా లేదు, ఒకసారి అంటుకుంటే ఎండ ఉన్నంతసేపూ మండుతూనే ఉంటుంది. పెద్ద ప్లాంటులో 1500 వోల్టులు. ప్యానెల్ కంపెనీని ముందే అడిగితే అదే బ్రాండ్ కనెక్టర్ పంపుతారు. దొరకకపోతే రెండు వైపులా కోసి ఒకే రకం జత వేయండి, వారంటీ సంగతి ముందు కనుక్కుని. క్రింపింగ్ (వైరు చివర కనెక్టర్ పిన్నును నొక్కి బిగించడం) దేనితో చేస్తున్నారో కూడా చెప్పండి.

రూఫ్‌టాప్_రవి:
క్రింపింగ్ టూల్‌తోనే. నన్ను పరీక్ష రాయించడానికి మీరెవరు?

అల్‌ఐన్_అనంత:
నేను అబుధాబిలో సోలార్ సైటులో ఉన్నా. మాస్టర్ గారు చెప్పింది నిజం. ఇక్కడ వేరే బ్రాండ్ కలిపితే ఇన్‌స్పెక్టర్ ఆ స్ట్రింగు (సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరస) మొత్తం ఊడదీయిస్తాడు. మన దగ్గర ట్రైనింగులో ఒక్కో బ్యాచ్‌కు ఒకే క్రింపింగ్ టూల్ ఉండేది, ముప్పై మంది చుట్టూ నిలబడి చూసేవాళ్లం. చేత్తో పట్టుకున్నది ఐదారుగురే. సర్టిఫికెట్ మాత్రం అందరికీ. సీమబిడ్డా, సెంటర్‌కు పోయి టూల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. కప్పు మీద నిజమైన స్ట్రక్చర్ ఉందా, గోడమీద బొమ్మే ఉందా చూడు.

సీమబిడ్డ:
అన్నలారా, కనెక్టర్ల సంగతి అర్థమైంది. నా ప్రశ్న ఊరికి ఏం రాయించుకోవాల అని.

పావగడ_పక్కూరు:
మాది కర్ణాటకే గానీ ఇంట్లో తెలుగే. పావగడ సోలార్ పార్కు 2050 మెగావాట్లు, సుమారు 13 వేల ఎకరాలు. మా దగ్గర రైతులు భూమి అమ్మలేదు, కౌలుకు ఇచ్చినారు. ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలైంది, రెండేళ్లకొకసారి 5 శాతం పెరుగుతుంది. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన తాలూకా ఇది, అప్పులు కట్టుకున్నోళ్లు, పిల్లల్ని బెంగళూరులో చదివించినోళ్లు కండ్ల ముందర ఉన్నారు. అయితే భూమి లేని కూలోళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. కౌలు రైతుకు వస్తాది, ఆ చేలో కలుపు తీసే మనిషికి ఏమొస్తాది? పని చేను మీద ఉండె, చేను పోయె. ట్రైనింగులో మొదటి సీట్లు వాళ్ల పిల్లలకు రాయించండి.

నల్లరేగడి:
మీ అదృష్టం సామీ. మా వైపు ఎక్కువ మంది అమ్మినోళ్లే, ఆ దుడ్లు ఎన్ని రోజులు నిలుస్తాయి? ఒక ట్రాక్టరు, ఒక పెండ్లి, అయిపాయె. డీకేటీ పట్టాలోళ్ల (సర్కారు పేదోళ్లకు ఇచ్చిన భూములోళ్ల) సంగతి ఇంకా ఘోరం, రికార్డులో ఒకడు, సాగులో ఒకడు.

పావగడ_పక్కూరు:
అదృష్టం అనొద్దన్నా. ఇరవై ఎనిమిదేళ్ల కౌలు. అయినాక ఆ నేల సేద్యానికి వస్తుందా, గట్లు యాడున్నాయో మనవళ్లకు తెలుస్తుందా?

గొర్రెలమంద:
మీరంతా పట్టా ఉన్నోళ్ల గురించే మాట్లాడతాండారు. మావి గొర్రెలు. పోరంబోకులో మేపుకునేటోళ్లం, దాని చుట్టూ కంచె ఏసినారు. వంక కాడికి పోవాలంటే ఇప్పుడు కంచె చుట్టూ తిరిగి పోవాల. ప్యానెళ్ల కింద గడ్డి మోకాలెత్తు పెరుగుతాది, దాన్ని కోయను కూలి పెడతారు, మందేమో లోపలికి రాకూడదంట. మేకలైతే వద్దు, అవి ప్యానెల్ ఎక్కుతాయి, నేనూ ఒప్పుకుంటా. గొర్రె ఎక్కదు. వైర్లు పైకి కట్టి, పూటకు ఇంతమంది అని పాసు ఇస్తే వాళ్లకు కూలి మిగులుతుంది, మాకు మేపు దొరుకుతుంది. సీమబిడ్డా, ఇది రాయించప్పా మీటింగులో.

రూఫ్‌టాప్_రవి:
గొర్రెలు కేబుల్ కొరికితే ఆ 1500 వోల్టుల సంగతి మాస్టారు చెబుతారు.

డీసీ_మాస్టర్:
చెబుతాను. కేబుల్ ట్రేలో గానీ పైపులో గానీ ఉంటే గొర్రెకు అందదు. వేలాడే కేబుల్ మనిషికీ ప్రమాదమే. వేరే దేశాల్లో గొర్రెలతోనే గడ్డి మేపిస్తున్నారు. ఆయన అడిగింది న్యాయం.

లెక్కల_మనిషి:
నేను ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. సీఎస్‌ఆర్ (కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఇది చదవండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటితేనే వర్తిస్తుంది. వర్తిస్తే గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. సోలార్‌లో ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో కొత్త కంపెనీ పెడతారు. దానికి మొదటి ఏళ్లలో వడ్డీ, తరుగుదల పోను పుస్తకాల్లో లాభం కనపడదు. లాభం లేకపోతే రెండు శాతం కూడా సున్నా. పెద్ద కంపెనీ ఖర్చు పెడుతుంది కదా అంటారా, అది ఏ జిల్లాలో పెట్టాలో వాళ్ల బోర్డు ఇష్టం. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం అని చట్టంలో ఉంది, ఇంత శాతం అని లేదు. కాబట్టి బెంచీలు, ఆర్వో ప్లాంటు సీఎస్‌ఆర్ కింద ఇస్తామంటే ఏ కంపెనీ పేరు మీద, ఏ సంవత్సరం బడ్జెట్‌లో అని అడగండి. ఆర్వో ప్లాంటు పెట్టి పోతే నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చేది ఎవరో కూడా అడగండి.

నల్లరేగడి:
మరి లోకల్ వాళ్లకు 75 శాతం ఉద్యోగాలు అని చట్టం చేసినారు గదా?

లెక్కల_మనిషి:
ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేశారు. అందులో ఒక మంచి మాట ఉంది. తగిన అర్హత ఉన్న స్థానికులు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. అయితే హర్యానాలో ఇలాంటి చట్టాన్నే 2023లో హైకోర్టు కొట్టేసింది. కోర్టుల్లో నిలిచేదాని మీద కాదు, మీ ఒప్పందంలో ఉన్నదాని మీద నిలబడండి.

గాలిమర_76:
సోలార్ సోలార్ అంటారు గానీ మా అనంతపురం రామగిరి కొండల మీద 90లలోనే గాలిమరలు తిరిగినాయి. నేను టర్బైన్ టెక్నీషియన్‌ని. జీతం సోలార్ కంటే మేలు, కానీ ఎత్తు ఎక్కాల, ఊరు వదలాల. నేను కచ్‌లో చేసినా, తమిళనాడులో చేసినా. ఎత్తు పనికి జీడబ్ల్యూఓ (గాలిమర కంపెనీల అంతర్జాతీయ సంస్థ) సేఫ్టీ సర్టిఫికెట్ అడుగుతారు, రెండేళ్లకొకసారి మళ్లీ చేయాల, ఖర్చు కంపెనీ పెట్టుకుంటేనే కుదురుతుంది. తమ్ముడికి ఎత్తు భయం లేకపోతే ఇటు పంపు.

డీసీ_మాస్టర్:
గాలిమరలో మనుషులు తక్కువ పడతారు సార్. సీఈఈడబ్ల్యూ, ఎన్‌ఆర్‌డీసీ అనే రెండు పర్యావరణ, ఇంధన అధ్యయన సంస్థలు కలిసి వేసిన లెక్క ఉంది. ఒక మనిషికి ఒక ఏడాది పూర్తి పని అనుకుంటే, మెగావాట్‌కు రూఫ్‌టాప్‌లో 24.72, నేల మీది సోలార్‌లో 3.45, గాలిలో 1.27. కాబట్టి రవి గారు ఎంచుకున్న దారి సరైనదే. ఆయన దారి గురించి నాకు పేచీ లేదు. కనెక్టర్ గురించే.

రూఫ్‌టాప్_రవి:
మళ్లీ కనెక్టరేనా!

పొదుపు_అక్క:
ఇద్దరూ ఆపండి. ఆ పిల్లాడు మీటింగుకు పోవాలి. నల్లరేగడి, మీ ఊర్లో ఏం రాయించుకుంటే బాగుండేదో అది చెప్పు.

నల్లరేగడి:
ఒకటి. గేటు లోపలి పని కంపెనీ ఎవరికి కాంట్రాక్టు ఇచ్చినా, కాంట్రాక్టరు మారినా, పాత మనుషుల్నే కొనసాగించాల అని. ఇది లేకనే మేం పోయినాం. రెండు. ట్రైనింగ్ అయినోళ్ల పేర్లు, వాళ్లలో ఎంతమందికి పని ఇచ్చినారో ఏడాదికొకసారి గ్రామసభలో చదవాల. మూడు. ఉత్త గడ్డి కోతకు కాదు, ఇన్వర్టర్ రూములో, స్విచ్‌యార్డులో (కరెంటును గ్రిడ్డుకు పంపే చోటు) హెల్పర్‌గా అయినా మా పిల్లోళ్లని పెట్టాల. ఆడ పని నేర్చుకుంటే ఇంకో ప్లాంటుకు పోగలడు. కంచె కాడ నిలబడినోడు కంచె కాడనే ఉంటాడు.

లెక్కల_మనిషి:
అది గ్రామసభ తీర్మానంగా రాసి, కంపెనీ ప్రతినిధి సంతకం తీసుకుని, ఒక కాపీ ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. భూమి సంతకాలకు ముందే. తర్వాత మీ ఫోన్ ఎత్తరు.

సీమబిడ్డ:
భూమి సంతకాలు సగం అయిపోయినాయి అన్నా. మిగిలిన సగంలో మాది కూడా ఉంది. నాయనతో మాట్లాడతా. జీతం గురించి ఎవరూ చెప్పలేదు.

అల్‌ఐన్_అనంత:
మన దగ్గర ఫ్రెషర్ ఐటీఐకి కాంట్రాక్టులో నెలకు 12 నుంచి 15 వేల మధ్య విన్నా. పీఎఫ్ కట్ చేస్తే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు అడిగి తీసుకోమను. కట్ చేసి కట్టనోళ్లు ఉన్నారు.

ఈఈఈ_అమ్మాయి:
అక్కా, నేను డిప్లొమా ఈఈఈ చేశాను. ఇలాంటి ట్రైనింగులో అమ్మాయిలకు హాస్టల్ విడిగా ఉంటుందా? ఇంట్లో అదే అడుగుతున్నారు.

పొదుపు_అక్క:
అన్ని సెంటర్లలో లేదమ్మా. చేరే ముందు మీ అమ్మను తీసుకుని వెళ్లి గదులు చూడు, వార్డెన్‌తో మాట్లాడు. నీది ఏ జిల్లా?