వేరుశెనగలో ‘వేరు’ తప్పా, ఒప్పా?

నిన్నటి చర్చలో ఒకాయన “వేరుశెనగ అన్న పేరే తప్పు, అది వేరుకు కాసేది కాదు” అని తేల్చేశారు. మా చంద్రగిరి వైపు ఈ తగాదా లేదు, శెనక్కాయ అనేస్తాం. కానీ ఆ ‘వేరు’ను అంత తేలిగ్గా పీకి పారేయలేమేమో.

ఆయన చెప్పిందీ నిజమే. పసుప్పచ్చ పువ్వు చెట్టు మీదే పూస్తుంది. అది వాడాక దాని అడుగు నుంచి సన్నటి పుల్లలాంటిది సాగి నేలలోకి దిగుతుంది, దాని కొసన కాయ ఊరుతుంది. రైతులు దాన్ని ‘ఊడ’ అంటారు. “ఊడలు దిగినాయా?” అనేది మా దగ్గర ఆ నెలలో పలకరింపు. మర్రి ఊడ అసలైన వేరు. శెనక్కాయ ఊడ వేరు కాదు, కాయను మోసే కాడ. పైనుంచి కిందికి దిగడంలోనే రెండింటికీ పోలిక.

తమాషా ఏమంటే, వేర్లు పీల్చిన సున్నం, అదే కాల్షియం, నీటితో పాటు ఆకులకు ఎక్కేస్తుంది. అక్కడినుంచి మళ్లీ కాయకు దిగిరాదు. అందుకని మట్టిలో ఉన్న కాయ తన పెంకు గుండానే చుట్టుపక్కల సున్నం లాక్కుంటుంది. ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం (సున్నం ఉండే ఎరువు) మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమనేది ఇందుకే. పేరుకు కాయ, చేసేది వేరు పని!

ఒక ఏడాది మేం జిప్సం ఎగ్గొట్టాం. ఆ కాయలే విత్తనానికి దాచి మరుసటి ఏడాది వేస్తే సాళ్లలో ఎక్కడికక్కడ సందులు. మొలవని గింజను తవ్వి తీసి విడదీశాను. బద్దలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, మధ్యలో ముక్కులా ఉండే మొలక మాత్రం సున్నం చాలక కొసన నల్లబడింది.

ఈ ‘బద్ద’ కూడా నాకిష్టమైన మాట. ‘బీజదళం’ అంటే పరీక్ష టెన్షన్ గుర్తొస్తుంది, బద్ద అంటే గింజ చేతిలో విడిపోతుంది. తల్లిచెట్టు కట్టి పంపిన సద్ది అందులోనే ఉంటుంది. గింజలోని భాస్వరంలో చాలా భాగం ఫైటిక్ ఆమ్లం రూపంలో, పొటాషియం, మెగ్నీషియంతో ముడిపడి దాగి ఉంటుంది. గింజ నాని మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము ఆ ముడి విప్పుతుంది. సొంత వేరు నిలదొక్కుకునే దాకా మొలకకు ఆ సద్దే ఆధారం, తర్వాత బద్దలు ముడుచుకుని రాలిపోతాయి. మా అమ్మ రాగులను నానబెట్టి గుడ్డలో మొలకట్టించేదీ ఈ ముడి విప్పడానికే, కాకపోతే ఆమె “అరుగుతుంది” అని ఒక్క మాటలో చెప్పేది. ముడి వీడితే అందులోనే చిక్కుకున్న రాగుల ఇనుము, జింకు మన ఒంటికి బాగా పడతాయి.

కర్నూలు వైపు వీటిని బుడ్డలంటారు కదా, అక్కడ కూడా ఊడ ఊడేనా, ఇంకేమైనా అంటారా?