ఉన్న రోడ్డుకే టోలు పెడితే ఒప్పుకోవాలా? రాజురా, కోర్పనా, జివతి వైపు వాళ్లు మాట్లాడండి

రాజురా కిరాణం

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు పక్కన మా రాజురా వైపు రోడ్డు వెడల్పు పని మొదలైనప్పటి నుంచి ఒకటే మాట, పని అయిపోగానే టోల్ నాకా (టోల్ గేటు) పెడతారని. మొన్న గ్రామసభలో దీని మీదే గొడవ అయింది. "పెడితే పెట్టనీ, గుంతలు లేకుంటే చాలు" అని సగం మంది, "ఒక్క రూపాయి కట్టం" అని సగం మంది. నేను వద్దనేవాళ్లలో ఉన్నాను. ఎందుకో చెప్తాను, మీరూ చెప్పండి.

కొత్తగా వేసిన రోడ్డుకు టోలు పెడితే నాకు పేచీ లేదు. నాగపూర్–ముంబై సమృద్ధి మార్గం ఉంది, 701 కిలోమీటర్లు. తొందర ఉన్నవాళ్లు డబ్బు కట్టి దాని మీద పోతారు, లేనివాళ్లకు పాత రోడ్డు ఎట్లాగూ ఉంది. మనకు ఆ పాత రోడ్డే గతి. రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రోజుల నుంచీ మనవాళ్లు బండ్లు తోలిన దారి ఇది. దాన్నే రెండు పక్కలా కొంచెం పెంచి, తెల్ల గీతలు గీసి, ఇక డబ్బు కట్టి పోండి అంటే ఎట్లా? సరుకుకు రాజురా పోవాలన్నా, ఆసుపత్రికి చంద్రపూర్ పోవాలన్నా, పెళ్లికి ఆసిఫాబాద్ పోవాలన్నా ఇదే దారి. వేరే దారి చూపించి టోలు అడిగితే అప్పుడు ఆలోచిద్దాం.

వాంకిడి చుట్టం

అన్నా, నేను సరిహద్దుకు ఇవతల, తెలంగాణలో ఉంటాను. మంచిర్యాల నుంచి సరిహద్దు దాకా 363 నంబర్ రహదారి నాలుగు వరుసలు అయ్యాక మేము టోలు కడుతున్నాం. కడుతుంటే బాధే. కానీ ముందు ఆ రోడ్డు మీద రాత్రిపూట లారీ వెనకాల బైకు నడపడం ఎంత భయమో నాకు తెలుసు. మధ్యలో డివైడర్ వచ్చాక ఎదురుగా గుద్దుకునే ప్రమాదాల భయం పోయింది. డబ్బు కట్టకుండా అట్లాంటి రోడ్డు ఎవరు వేస్తారు? మీరు వద్దు వద్దంటే పని ఇంకో పదేళ్లు ఆగుతుంది, అంతే.

కోర్పనా పత్తి

నాలుగు వరుసలు, డివైడర్ అంటే సరే తమ్ముడూ. మా వైపు రెండు వరుసలే. అంచులు గట్టి చేసి, వంపులు సరిచేశారు, ఇంకేం లేదు. దానికీ టోలేనా?

రిటైర్డ్ పీడబ్ల్యూడీ

రోడ్ల శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు చంద్రపూర్‌లో ఉంటున్నాను. కోపం పక్కన పెట్టి ముందు నియమాలు చూడండి. వాటిలో మీకు పనికొచ్చేవి ఉన్నాయి, మీరు అడగాల్సినవీ ఉన్నాయి.

మొదట రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. జాతీయ రహదారి అయితే 2008 నాటి కేంద్ర ఫీజు నియమాలు వర్తిస్తాయి. రాష్ట్ర రహదారి అయితే లెక్క వేరు, నోటిఫికేషన్ రాష్ట్రమే ఇస్తుంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన సొంత కార్ల వార్షిక పాస్ కూడా జాతీయ రహదారులకే.

జాతీయ రహదారి అనుకుందాం. రెండు వరుసల రోడ్డుకు కూడా టోలు పెట్టవచ్చు. కాకపోతే కిలోమీటరుకు సగటున కోటి రూపాయలకు మించి ఖర్చు పెట్టి ఉండాలి, రేటు నాలుగు వరుసల దాంట్లో 60 శాతమే ఉండాలి. బైకు, ఆటో, ట్రాక్టర్, ఎడ్లబండికి టోలు లేదు. నాకాకు 20 కిలోమీటర్ల లోపల ఉండేవాళ్లకు సొంత కారు ఉంటే నెలవారీ పాస్ ఇస్తారు. 2007–08 ధరల్లో అది 150 రూపాయలు, ఏటా పెరుగుతూ 2025–26లో 350 అయింది. మన జిల్లాలో రిజిస్టర్ అయిన కిరాయి బండ్లకు, నేషనల్ పర్మిట్ లేనివాటికి, వేరే దారి గానీ సర్వీస్ రోడ్డు గానీ లేకపోతే సగం ఫీజు. నగర పరిషత్ (మున్సిపాలిటీ) హద్దుకు 10 కిలోమీటర్ల లోపల నాకా పెట్టకూడదు, ఒకే దారిలో రెండు నాకాల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలి. ఈ రెండింటికీ మినహాయింపులు ఉన్నాయి, కానీ కారణం కాగితం మీద రాయాలి.

రాజురాకు నగర పరిషత్ ఉంది, గడ్‌చాందూర్‌కూ ఉంది. రెండింటికీ పదేసి కిలోమీటర్లు వదిలితే మధ్యలో మిగిలేది కొంచెమే. నాకా ఎక్కడ అన్న ప్రశ్న ఇప్పుడే అడగండి. షెడ్డు లేచాక అడిగి లాభం లేదు.

రాజురా కిరాణం

సార్, ఇంత వివరంగా చెప్పినందుకు సంతోషం. ఒక్క అనుమానం. నాకాకు అటు పక్క ఆరు కిలోమీటర్ల దూరంలో మా ఊరు, ఇటు పక్క బజారు పడిందనుకోండి. నేను వాడేది ఆ ముక్కే. టోలు మాత్రం మొత్తం పొడవుకు కట్టాలా?

రిటైర్డ్ పీడబ్ల్యూడీ

అవును. మన దగ్గర ఎక్కువ నాకాలు అట్లాంటివే. నాకా కింద ఎన్ని కిలోమీటర్లు రాసి ఉంటే అన్నిటికీ కట్టాలి. రెండు వరుసల రోడ్డు 50 కిలోమీటర్లు అనుకుంటే ఇప్పటి రేట్ల లెక్కన కారుకు 45 రూపాయల చుట్టుపక్కల, చిన్న గూడ్స్ బండికి 75 వరకు పడుతుంది. ఆరు కిలోమీటర్లు పోయినవాడికీ అదే, యాభై పోయినవాడికీ అదే. ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదేనని నా అభిప్రాయం.

కోర్పనా పత్తి

పాస్ సొంత కార్లకే అని మీరే చెప్పారు. మా ఊళ్లో సొంత కారు ఎంతమందికి ఉంది? పత్తి బేళ్లు కాదు, విడి పత్తి, కిరాయి పికప్‌లో వేసుకుని ఆదిలాబాద్ మార్కెట్‌కో రాజురాకో పోతాం. ఆ టోలు డ్రైవర్ కట్టడు, కిరాయిలో కలిపి మా దగ్గర తీసుకుంటాడు. ఆసుపత్రి సంగతీ అంతే. అంబులెన్స్‌కు టోలు లేదంటారు, నిజమే. కానీ రాత్రి నొప్పులు వస్తే అంబులెన్స్ వచ్చేదాకా ఎవరు ఆగుతారు? పక్కింటి జీపు మాట్లాడుకుని పోతాం. ఆ జీపుకు మాఫీ లేదు.

ఇంకొకటి. జిల్లా బండ్లకు సగం ఫీజు అంటున్నారు. ఎంహెచ్ 34 బండ్లకు అది దొరుకుతుంది. నేను చాలాసార్లు పిలిచేది ఆసిఫాబాద్ వైపు మా బావమరిది బండిని, దానిది టీజీ 20. ఇరవై నిమిషాల దూరంలో ఉంటాడు, అయినా పూర్తి ఫీజు. రెండు రాష్ట్రాల మధ్య బతికేవాళ్ల గురించి ఆ నియమం రాసినవాళ్లు ఆలోచించలేదు.

బల్లార్షా లారీ

నా మాట చాలామందికి నచ్చదు, అయినా రాస్తున్నాను. నాకు రెండు లారీలు ఉన్నాయి. బొగ్గు, సిమెంటు తోలుతాను. ఇక్కడ అందరికన్నా ఎక్కువ టోలు కట్టేది నేనే. అయినా మంచి రోడ్డుకు టోలు కట్టడానికి సిద్ధమే. గుంతల రోడ్డు మీద టైరు పగిలితే పోయే డబ్బు చూడండి. స్ప్రింగు పట్టీ విరిగితే రెండు రోజులు బండి షెడ్డులోనే. రోజుకు రెండు ట్రిప్పులు పడాల్సిన చోట ఒకటే పడుతుంది. ఈ నష్టానికి రశీదు ఇచ్చేవాడు లేడు కాబట్టి ఎవరికీ కనపడదు.

మీరు అందరూ లారీలను తిడతారని తెలుసు. కానీ ఆ సిమెంటు, ఆ బొగ్గు లేకుంటే ఈ తాలూకాలో సగం ఇళ్లలో జీతాలు రావు.

రాజురా కిరాణం

అన్నా, తిట్టడానికి కాదు, లెక్క కోసం అడుగుతున్నాను. సాస్తి, పౌని గనుల బొగ్గు లారీలు తిరిగే రోడ్డు ఎన్ని వానాకాలాలు ఆగుతుందో మనందరం చూశాం. పాడుచేసేది ఒకరైతే అందరూ సమానంగా కట్టాలా?

రిటైర్డ్ పీడబ్ల్యూడీ

ఇది ఇంజినీర్లకు పాత విషయం. 1950ల చివర అమెరికాలో, ఇల్లినాయ్‌లో రోడ్డు వేసి, దాని మీద రకరకాల బరువుల లారీలు రాత్రీ పగలూ నడిపి పరీక్ష చేశారు. తేలింది ఏమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపు అయితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లు అవుతుంది. కారు ఇరుసు మీద టన్ను కూడా ఉండదు. లారీ వెనక ఇరుసుకు చట్టం ప్రకారమే ఇప్పుడు 11.5 టన్నులు. 2018 దాకా 10.2 ఉండేది, ఆ ఏడాది పెంచారు. పెంచినప్పుడు రోడ్ల మందం ఎవరూ పెంచలేదు.

ఇప్పుడు రేట్లు చూడండి. 2008 నియమాల్లో కారుకు కిలోమీటరుకు 65 పైసలు, రెండు ఇరుసుల లారీకి 2 రూపాయల 20 పైసలు. మూడున్నర రెట్లు కూడా లేదు. రోడ్డు అరుగుదల ఒక్కటే చూస్తే కార్లవాళ్లు తమ వంతుకన్నా చాలా ఎక్కువ కడుతున్నారు. లారీల తరఫున కూడా ఒక మాట ఉంది. వాటి మీద ఎక్కువ వేస్తే అది చివరికి మీ కిరాణా కొట్టులో పప్పు ధరలోనే తేలుతుంది. అందుకే నేను రేటు పెంచమనను, అధిక బరువు ఆపమంటాను. నాకా పెడితే దాంట్లో కాటా ఉండాలి, ఆ కాటా పనిచేయాలి.

పూణే నుంచి

మాది బల్లార్షా, ఉద్యోగం పూణేలో. కొంతకాలం కొల్హాపూర్‌లో ఉన్నాను. అక్కడ ఊరి లోపలి రోడ్లు ప్రైవేటు కంపెనీతో వేయించి టోలు పెట్టారు. ఎన్.డి. పాటిల్, గోవింద్ పన్సారే లాంటి పెద్దలు ముందుండి ఉద్యమం నడిపారు. ఒక పార్టీ ఉద్యమం కాదు అది, అందరూ దిగారు. 2015లో ఆ టోలు పోయింది. అదే ఏడాది జూన్ 1 నుంచి రాష్ట్రంలో 12 నాకాలు మూసేశారు, ఇంకో 53 చోట్ల కార్లకు, ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సులకు మాఫీ ఇచ్చారు. 2024 అక్టోబరులో ముంబైకి పోయే ఐదు నాకాల్లోనూ చిన్న బండ్లకు మాఫీ వచ్చింది. ముంబై కార్లకు ఇవ్వగలిగినప్పుడు రాజురా పికప్‌లకు ఎందుకు ఇవ్వరు?

వాంకిడి చుట్టం

మాఫీ అంటే డబ్బు ఎవరూ కట్టనట్టు కాదు కదా. కొల్హాపూర్‌లో కంపెనీకి ప్రభుత్వమే చెల్లించుకుంది. ఆ డబ్బు మన పన్నుల్లోదే. ఒక్కో ఊరు ఇట్లా గొడవ చేసి మాఫీ తెచ్చుకుంటే, గొడవ చేయలేని ఊళ్ల డబ్బు కూడా అందులోకే పోతుంది.

రాజురా కిరాణం

తమ్ముడు అన్నది తీసేయదగ్గ మాట కాదు. దాని మీద నా ఆలోచన చెప్తాను.

రోడ్డుకు డబ్బు ఎవరో ఒకరు కట్టాలి, సరే. కానీ మనం ఇప్పటికే కడుతున్నాం. బండి కొన్నప్పుడు రోడ్డు టాక్స్. లీటరు పెట్రోలు, డీజిల్ పోయించిన ప్రతిసారీ రోడ్డు సెస్సు, దాని కోసమే 2000లో చట్టం చేశారు. టోలు లేని బైకువాడు కూడా ఆ సెస్సు కడుతున్నాడు. పైగా ఈమధ్య చాలా రహదారులు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో వేస్తున్నారు. పని జరిగేటప్పుడే 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది 15 ఏళ్లలో వాయిదాలుగా ఇస్తుంది. అట్లాంటి చోట టోలు ప్రభుత్వానికి పోతుంది, కంపెనీకి కాదు. అంటే "కంపెనీ పెట్టుబడి రావాలి కదా" అని మనకు చెప్పే మాట అక్కడ నిలవదు. మన రోడ్డు ఏ పద్ధతిలో వేస్తున్నారో కాగితం చూపించమనండి, అప్పుడు మాట్లాడుదాం.

రెండోది, మంచి రోడ్డు అన్న మాట. వర్ధా పొంగితే బల్లార్షా–రాజురా వంతెన మూసేస్తారు. 2022 జూలైలో ఏమైందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. నదికి అటు ఆసుపత్రి, ఇటు మనం. డబ్బు తీసుకునేవాళ్లు ఆ వంతెన ఎత్తు సంగతి కూడా చెప్పాలి. నీళ్లొచ్చి దారి మూసిన రోజుల్లో నాకా దగ్గర ఏం చేస్తారో కూడా చెప్పాలి.

పూణే నుంచి

దీనికి కోర్టు మాట కూడా ఉంది. కేరళలో 544 నంబర్ రహదారి మీద పాలియెక్కర నాకాలో రోడ్డు బాగాలేదని, గంటల తరబడి ట్రాఫిక్ ఆగిపోతోందని 2025 ఆగస్టులో హైకోర్టు టోలు ఆపింది. సుప్రీంకోర్టుకు పోతే అక్కడా అదే మాట నిలబడింది. అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారనుకోండి. అయినా, రోడ్డు బాగా లేకుంటే టోలు ఆపవచ్చు అన్నది ఇప్పుడు గాలిమాట కాదు.

కోర్పనా పత్తి

కేరళవాళ్లు కోర్టుకు పోగలరు. మనకు రాజురా తహసీల్ ఆఫీసుకు పోయి రావడానికే ఒక రోజు కూలి పోతుంది. ధర్నా చేద్దాం, రోడ్డు మీద కూర్చుందాం.

బల్లార్షా లారీ

రోడ్డు మీద కూర్చుంటే ఆగేది నాలాంటివాళ్ల బండ్లు, ఎస్టీ బస్సులో పరీక్షకు పోయే పిల్లలు. నాకా పెట్టేవాళ్లకు ఏం నష్టం? దానికి నేను రాను.

రాజురా కిరాణం

ధర్నా చివర్లో చూద్దాం కాకా. ముందు సార్ చెప్పిన దారిలో పోదాం. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు అర్జీ పెడతాను, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రోడ్డు ఏ పద్ధతిలో వేస్తున్నారు, కిలోమీటరుకు ఎంత ఖర్చు, నాకా ఏ కిలోమీటరు రాయి దగ్గర, పది కిలోమీటర్ల మినహాయింపు ఏమైనా అడిగారా, అడిగితే ఏ కారణం రాశారు. ఇవన్నీ అడుగుతాను. జవాబు ఇక్కడే పెడతాను. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం కూడా పెడదాం: నాకాకు ఇరవై కిలోమీటర్ల లోపలి ఊళ్ల కిరాయి పికప్‌లకు, జీపులకు కూడా నెల పాస్ ఇవ్వాలి, అది ఎంహెచ్ అయినా టీజీ అయినా. ఇది ఒప్పుకోకుంటే నా మాట అదే, టోలు వద్దు.

వాంకిడి చుట్టం

ఆ తీర్మానం నకలు నాకు పంపన్నా. వాంకిడి వైపు ఊళ్లలో కూడా పెట్టిస్తాను. మాకూ అదే బాధ.

బల్లార్షా లారీ

అర్జీలో కాటా గురించి కూడా రాయండి. ఎవరి బండి అయినా బరువు మించితే అక్కడే దింపించాలి. నా లారీలు కూడా ఆ కాటా ఎక్కుతాయి, నాకు అభ్యంతరం లేదు. పద్ధతిగా లోడు వేసుకునేవాడికి ఈ రోజు కిరాయి గిట్టడం లేదు. పక్కవాడు అదే ధరకు ఐదు టన్నులు ఎక్కువ వేసుకుని పోతున్నాడు.