బందీపూర్ గేటు దగ్గర ఇరుక్కుంటే ఇంట్లో పడుకోబెట్టినవాళ్లకి డబ్బు పెట్టి రావడం తప్పా?

కృష్ణలంక కుర్రాడు
ఎవరైనా ఈ ఒక్క సంగతి తేల్చి చెప్పండి, పది రోజులుగా బుర్ర తినేస్తోంది.

దసరా సెలవులకి కారులో మైసూరు వెళ్లాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. జంబూ సవారీ చూసుకుని అటు నుంచి అటే ఊటీ అనుకున్నాం. ఆ జనంలోంచి బండి బయటపడేసరికే చీకటి పడింది. బందీపూర్ గేటు దగ్గరికి చేరేసరికి 9 దాటి పది నిమిషాలు. అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరట, 2009 నుంచీ ఇంతేనట. ఎంత బతిమాలినా గార్డు ‘నాళె బెళిగ్గె’ (రేపు పొద్దున) అనే మాట తప్ప ఇంకో మాట అనలేదు.

వెనక్కి గుండ్లుపేట వచ్చాం. నాలుగు లాడ్జీలు తిరిగాను, ఒక్క గది ఖాళీ లేదు. మా అత్తగారికి షుగర్, అప్పటికే చెమటలు పడుతున్నాయి. టీకొట్టు మూసేస్తున్న ఒక పెద్దాయన్ని తినడానికేమైనా దొరుకుతుందా అని అడిగాను. ఆయన కారులోకి తొంగి చూసి, ఆవిడ మొహం చూసి, ‘మనెగె బన్ని’ (ఇంటికి రండి) అన్నాడు. స్కూటర్ మీద ముందు ఆయన, వెనక మేము. వేడి వేడి ముద్దె (మన రాగి సంకటే), ఆకుకూర పులుసు పెట్టారు. లోపలి గది మాకిచ్చి వాళ్లిద్దరూ వరండాలో చాప వేసుకున్నారు.

పొద్దున నాలుగు ఐదొందల నోట్లు దేవుడి పటాల దగ్గర పెట్టి, ఆ సంగతి చెప్పకుండా వచ్చేశాను. ఊటీ చేరాక ఫోన్ చేసి చెబితే ‘ఊఁ’ అని పెట్టేశాడు. సాయంత్రానికి నా ఫోన్‌పేలో 1940 రూపాయలు పడ్డాయి. ఒక్క మాట లేదు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. నేను చేసింది అంత పెద్ద తప్పా?

నిద్రమొహం
9కి గేటు మూస్తారని ఫోన్‌లో కొడితే వస్తుంది కదా అన్నా.

తెలుగు మాస్టారు
తప్పే నాయనా. అన్నం పెట్టిన చేతికి రేటు కట్టావు. నా సర్వీసులో పిల్లల్ని ఎన్నో విహారయాత్రలకు తీసుకెళ్లాను. ఒకసారి కన్యాకుమారిలో బస్సు చెడిపోతే ఒక తమిళ కుటుంబం నలభై మంది పిల్లలకి తలా రెండు ఇడ్లీలు పెట్టింది. నేను రెండు చేతులూ జోడించాను, అంతే. జేబులో చెయ్యి పెట్టలేదు. దణ్ణం పెట్టడం తెలియనివాళ్లే నోట్లు పెడతారు.

పైసా వసూల్
మాస్టారూ, నలభై మందికి తలా రెండంటే ఎనభై ఇడ్లీలు. ఆ పిండి ఎవరు రుబ్బారు? మీ దణ్ణంతో వాళ్ల మర్నాటి టిఫిన్ వచ్చిందా?

కుర్రాడు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నాకు అనుభవం ఉంది. రామేశ్వరంలో నా పర్సు పోతే ఒకాయన ‘అయ్యో పాపం’ అని రెండు రోజులు వెంట ఉండి అన్నీ చూపించాడు. ‘డబ్బు మాట ఎత్తకండి’ అంటూనే ఆఖరి రోజు స్టేషన్‌లో అందరి ముందు మూడు వేలు అడిగాడు. ఇవ్వకపోతే గొడవ. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. ముందే ఇచ్చెయ్యాలి, లెక్క తీర్చెయ్యాలి.

తెలుగు మాస్టారు
వాడు గైడు. ఈయన గృహస్థు. తేడా తెలియకపోతే నేనేం చెప్పను?

పైసా వసూల్
తేడా ఆఖరి రోజు దాకా ఎలా తెలుస్తుంది మాస్టారూ? అదే కదా నా బాధ!

మలయాళీల అల్లుడు
మాస్టారి పక్షం నేను. 2018 ఆగస్టు వరదల్లో కేరళ మత్స్యకారులు సొంత పడవలు లారీల మీద వేసుకొచ్చి వేలమందిని బయటికి తీశారు. ప్రభుత్వం పడవకి రోజుకు 3000 ఇస్తామంటే, మా వాళ్ల ప్రాణానికి కూలి తీసుకోం అని వద్దన్నవాళ్లు ఉన్నారు. మా మామగారి ఊళ్లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

పైసా వసూల్
వద్దన్నవాళ్లు గొప్పవాళ్లే. కానీ ఇస్తామనడం తప్పా? గోడలకీ గేట్లకీ తగిలి పడవలు దెబ్బతిన్నాయి, ఇంజన్లు పాడయ్యాయి. బాగుచేయించుకోవద్దా? ఇవ్వబోయినవాణ్ణి తిట్టకండి, అదే నేను చెప్పేది.

అది సరే, ఇక్కడ ఎవరూ అసలు పాయింట్ పట్టుకోవడం లేదు. 2000 పెడితే 1940 వచ్చింది. ఆ 60 ఏమైంది? అంత ఆత్మగౌరవం ఉన్నాయన అరవై ఎందుకు ఉంచుకున్నాడు?

నిద్రమొహం
ఛార్జీలు కట్ అయ్యుంటాయి.

పైసా వసూల్
యూపీఐలో మనిషికీ మనిషికీ పంపితే ఛార్జీ ఉండదు బాబూ.

మలయాళీల అల్లుడు
ఆయన బ్యాంకు ఖాతాలో ఉన్నదే అంతేమో.

పైసా వసూల్
ఖాతాలో సరిగ్గా 1940 ఉంటుందా? రౌండుగా ఉండదూ?

తెలుగు మాస్టారు
ఆయన నోట్లు వెనక్కి పంపాడనే బాధ లేదు, అరవై గురించి రెండు రోజులుగా కొట్టుకుంటున్నారు. ఛీ.

పదహారు చక్రాలు
నేను లారీ డ్రైవర్ని. గుంటూరు నుంచి మిర్చి లోడు కాలికట్‌కి వేస్తాను. గుండ్లుపేట దాటాక మా రోడ్డు వేరే, ఊటీ వైపు కాదు, కానీ ఆ గేటు కూడా 9కే మూస్తారు. అంబులెన్సులు, లెక్కపెట్టిన బస్సులు తప్ప ఏదీ పోదు. పదేళ్లలో ఎన్ని రాత్రులు అక్కడ ఆగానో లెక్క లేదు. జ్వరంతో ఆగాను. వానలో ఆగాను. మా క్లీనర్ కుర్రాడికి వాంతులవుతుంటే ఆగాను. ఒక్కరు కూడా ‘మనెగె బన్ని’ అనలేదు. అందరూ మంచివాళ్లే, టీ పోస్తారు, డబ్బులు తీసుకుంటారు, కొట్టు మూసుకుని పోతారు.

తప్పుగా అనుకోకండి కుర్రాడు గారూ. ఆయన కారులోకి తొంగి చూశాడని మీరే రాశారు. కారులో మీ ఆవిడ ఉంది, పిల్లలున్నారు, ముసలావిడ ఉంది. నా క్యాబిన్‌లోకి తొంగి చూస్తే ఏముంటుంది? చెమట కంపు, లుంగీ.

తెలుగు మాస్టారు
ఇలా ప్రతిదాన్నీ తప్పుపడితే లోకంలో మంచి అన్నదే ఉండదు డ్రైవర్ గారూ. ఒకాయన అన్నం పెడితే, నాకు పెట్టలేదేం అని ఏడవడమేమిటి?

పదహారు చక్రాలు
మాస్టారూ, ఏడవడం మీరు చూశారా? నేను ఉన్నది చెప్పాను. దక్షిణాది దయ, అతిథి దేవో భవ అని మీరు పాఠాలు చెప్పుకోండి. ఆ దేవుడు కారులో రావాలి, పక్కన సంసారం ఉండాలి. మీరు జేబులో చెయ్యి పెట్టలేదని గొప్పగా రాసుకున్నారే, నలభై మంది పిల్లలకి తిండి పెట్టించుకుని జేబు తడుముకోనివాణ్ణి మా లారీల్లో వేరే పేరుతో పిలుస్తాం.

తెలుగు మాస్టారు
మర్యాద!

నిద్రమొహం
అడ్మిన్ గారు ఎక్కడున్నారో.

కృష్ణలంక కుర్రాడు
అయ్యా, నా వల్ల గొడవ పడకండి. డ్రైవర్ అన్నా, మీరన్నది నిజమే కావచ్చు, నాకు తట్టలేదు. ఆ రాత్రి గేటు దగ్గర లారీలు బారుగా ఆగి ఉన్నాయి. వాటి పక్కనుంచే వెనక్కి తిప్పుకున్నాను.

ఎమ్మిగనూరు ఆడపడుచు
మూడు రోజులుగా చదువుతున్నా. అందరూ ‘ఆయన’ గురించే మాట్లాడుతున్నారు. ఆయన పిలిచాడు, ఆయన పెట్టాడు, ఆయన తిప్పి పంపాడు. ముద్దె కెలికింది ఎవరు?

మా ఊరి మీదుగా ఉగాదికి కర్ణాటక భక్తులు శ్రీశైలానికి నడిచి పోతారు. కాళ్లు బొబ్బలెక్కి వస్తారు, పాపం. మా నాయన అరుగు మీద నిలబడి వచ్చినవాళ్లందర్నీ ‘రాండి రాండి’ అని పిలిచేవాడు. ఊరంతా మా నాయన ధర్మరాజు అనేది. మా అమ్మ తెల్లారి మూడింటికి లేచి రొట్టెలు కొట్టేది. జొన్నరొట్టె ఎట్ల చేస్తారో తెలుసా మీకు? వేడినీళ్లతో పిండి కలిపి, ఒక్కొక్కటీ అరచేత్తో తట్టాల. వంద రొట్టెలంటే సాయంత్రానికి ఆమె చెయ్యి పైకి లేచేది కాదు. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. పోయేటప్పుడు అందరూ మా నాయన కాళ్లకు మొక్కేవాళ్లు. ఒక్క ముసలామె మాత్రం వంటింట్లోకి వచ్చి మా అమ్మ చేతులు పట్టుకుంది. అది ఇరవై ఏండ్లు చెప్పింది మా అమ్మ.

కుర్రాడు తమ్ముడూ, ఆ రాత్రి పదిగంటలకి లేచి నీకు వండినామె పేరేంది?

కృష్ణలంక కుర్రాడు
తెలియదక్కా.

తెలుగు మాస్టారు
అమ్మా, మా ఇంట్లోనూ వండేది ఆవిడే. అందులో తప్పేముంది? మీ అమ్మగారు ఇష్టం లేకుండా చేశారా?

ఎమ్మిగనూరు ఆడపడుచు
ఇష్టంగానే చేసింది. చెయ్యి నొప్పి కూడా ఉండింది. రెండూ ఉంటాయి మాస్టారూ.

పైసా వసూల్
అక్కా, అంటే డబ్బు ఇవ్వాలనేగా మీరూ అనేది? అమ్మ చేతిలో పెట్టాలి, అంతేగా.

ఎమ్మిగనూరు ఆడపడుచు
నీకు ఇంక వేరే ఏమీ వినపడదా నాయనా?

పదహారు చక్రాలు
కుర్రాడు గారూ, ఒక మాట. పొద్దున మీరు ఆయన కొట్లో టీ తాగారా?

కృష్ణలంక కుర్రాడు
తాగామన్నా. ఆరుకి గేటు తీస్తారని తొందరగా బయల్దేరాం. కొట్టు దగ్గరే అందరం తాగాం. ఐదు. పిల్లలూ అడిగారని వాళ్లకీ పోయించాను. డబ్బు ఇవ్వబోతే ‘చిల్లర లేదు, తర్వాత చూద్దాం’ అన్నాడు.

పదహారు చక్రాలు
టీ ఎంత?

కృష్ణలంక కుర్రాడు
పన్నెండు అనుకుంటా, బోర్డు మీద ఉంది.

అరవై.

నిద్రమొహం
అమ్మ బాబోయ్.

పదహారు చక్రాలు
కొట్లో తాగినదానికి తీసుకున్నాడు, ఇంట్లో తిన్నదానికి తీసుకోలేదు. మా దగ్గరా అంతే, టీకి పైసా వదలడు, పైసా ఎక్కువ తీసుకోడు. ఆ కొట్టు ఎక్కడో నాకు ఇప్పుడు అర్థమైంది. స్కూటర్ సీటుకి నీలం గోనెపట్టా కట్టి ఉంటుందా?

కృష్ణలంక కుర్రాడు
అవునన్నా! పిల్లవాడు దాని గురించే అడిగాడు.

పైసా వసూల్
సరే, అరవై సంగతి తేలింది. కానీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు? కోపమే కదా. డబ్బు ఇచ్చినందుకు ఇంత కోపం అహంకారం కాదా?

తెలుగు మాస్టారు
దేవుడి పటాల దగ్గర దొంగచాటుగా పెట్టి వస్తే ఎవరికి కోపం రాదు? ముఖం చూసి ఇచ్చి ఉంటే ముఖం చూసే వద్దనేవాడు. (డ్రైవర్ గారూ, ఆ ఇడ్లీల ఇంటికి నేను మళ్లీ ఎప్పుడూ ఉత్తరం కూడా రాయలేదు. మీరన్న మాట రాత్రంతా గుర్తొచ్చింది.)

పదహారు చక్రాలు
ఊరుకోండి మాస్టారూ. నేనూ నోరు జారాను.

కృష్ణలంక కుర్రాడు
ఇందాక మా ఆవిడకి ఈ చర్చంతా చదివి వినిపించాను. అక్క అడిగిన ప్రశ్న దగ్గర నవ్వింది. ఆమె పేరు రత్నమ్మట. ఆ రోజు పొద్దున నేను కారు తుడుస్తుంటే లోపల మా ఆవిడ ఆమెకి బొట్టు పెట్టి, మైసూరులో కొన్న రవికగుడ్డ ఇచ్చిందట. ఆమె కూడా మా ఆవిడకీ, మా అత్తగారికీ కుంకుమ పెట్టి, తలా రెండు అరటిపళ్లు ఇచ్చిందట. ఆ పళ్లు దారిలో నేనే తిన్నాను, ఎక్కడివని కూడా అడగలేదు.

ఇంకోటి. వాళ్లిద్దరూ మొన్న కూడా ఫోన్లో మాట్లాడుకున్నారు. భాష రాకుండా ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన ఫోనే, మధ్యాహ్నం ఇంట్లో ఉంటుందట. ఎత్తేది ఆమే.

పైసా వసూల్
రవికగుడ్డ వెనక్కి పంపలేదా?

ఎమ్మిగనూరు ఆడపడుచు
పంపదు.

పదహారు చక్రాలు
వచ్చే మంగళవారం నాకు కాలికట్ లోడుంది. ఎనిమిదిన్నరకల్లా ఆయన కొట్టు దగ్గర ఉంటా. కుర్రాడి సంగతి ఎత్తాలా వద్దా?

కృష్ణలంక కుర్రాడు
ఎత్తొద్దన్నా. టీ తాగు చాలు.