వ్యాన్‌లో ఫ్రిజ్ స్టార్ట్ అవ్వగానే లైట్లు డల్ అవుతున్నాయి, బ్యాటరీ మాత్రం 12.6 చూపిస్తోంది

కడప క్యాంపర్:

అన్నలందరికీ నమస్కారం. మాది కడప. 2017 మోడల్ టెంపో ట్రావెలర్‌ను ఒక వర్క్‌షాపులో ఇచ్చి, ఇంట్లో వాళ్లందరం తిరగడానికి మంచాలు, సింకు, ఫ్రిజ్ పెట్టించుకున్నాం. వెనక మంచం కింద 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ (డిస్టిల్డ్ వాటర్ పోసే లెడ్ యాసిడ్ రకం), పైన సోలార్ ప్యానెల్, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, ఫ్యాను, ఎల్ఈడీ లైట్లు, నీళ్ల పంపు, 1000 వాట్ల ఇన్వర్టర్. ఫ్రిజ్ ముందు సీటు వెనకాల ఉంటుంది.

గండికోటకు పోయి రాత్రికి అక్కడే ఆపితే పగలు ఎండ ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టిన ప్రతిసారీ లైట్లు డల్ అవుతాయి, ఫ్రిజ్ మీద ఎర్ర లైటు కొట్టుకుని ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ అదే వరస. అప్పుడు బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.6 చూపిస్తుంది. బ్యాటరీ షాపు ఆయన కొత్త బ్యాటరీ వేసుకో అంటున్నాడు. అమ్మ ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లోనే పెడతాం, అందుకే ఇంత టెన్షన్.

ఇంకోటి కూడా ఉంది. జమ్మలమడుగులో మా అత్తగారింటి ప్లగ్గు నుంచి వ్యాన్‌కు చార్జింగ్ పెట్టినప్పుడు, చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి తలుపు పట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందంటారా?

అనంత ఆటో వైరింగ్:

తమ్ముడూ, రెండోది ముందు చెప్తాను. ఆ ప్లగ్గు ఇప్పుడే తీసేయ్, కారణం తెలిసేదాకా మళ్లీ పెట్టొద్దు. అది 230 వోల్టుల వ్యవహారం, ఫ్రిజ్ గొడవ 12 వోల్టులది, రెండూ వేరు.

ఇక ఫ్రిజ్. బ్యాటరీ ఇప్పుడే కొనకు. 12.6 ఎప్పుడు చూశావు? ఫ్రిజ్ ఆగిపోయాక చూసి ఉంటావు. లోడు లేనప్పుడు చూసే వోల్టేజీతో బ్యాటరీలో చార్జ్ ఎంత ఉందో తెలుస్తుంది గానీ, ఆ కరెంటు ఫ్రిజ్ దాకా చేరుతోందో లేదో తెలియదు. మన దగ్గర ఇట్లా మార్చిన బండ్లు చాలా చూస్తుంటాను. ఎక్కువ వాటిలో ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరునే ముందు దాకా లాగి, నెగటివ్‌కు వైరు వేయకుండా బాడీకి ఒక స్క్రూ కొట్టి వదిలేస్తారు. ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 12 వోల్టుల దగ్గర అదే ఒక వోల్టు పోతే ఫ్రిజ్ ఆగిపోతుంది. 2.5 రాగి వైరు మీటరుకు సుమారు 0.0075 ఓమ్‌లు ఉంటుంది. 6 మీటర్ల దూరమంటే పోనూ రానూ 12 మీటర్లు, అంటే 0.09 ఓమ్‌లు. 10 ఆంపియర్లు లాగితే వైరులోనే 0.9 వోల్టు పోయింది. ఫ్యూజు హోల్డరు, లగ్గులు (వైరు కొసకు నొక్కే రింగులు), స్క్రూలు దీనికి అదనం.

చాలా పోర్టబుల్ ఫ్రిజ్‌లలో బ్యాటరీ ప్రొటెక్షన్‌కు హై, మీడియం, లో అని సెట్టింగులు ఉంటాయి. హైలో ఉంటే 11 వోల్టుల చుట్టుపక్కలకే ఆపేస్తుంది. టెస్టు కోసం లోలో పెట్టు, అప్పుడే ఆగకుండా నడుస్తుంది. రాత్రిపూట, సోలార్ లేనప్పుడు, ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు అన్నీ నడుస్తుండగా మూడు రీడింగులు తీయ్. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, క్లాంపు మీద కాదు, లోపలి సీసం పోస్టు మీదే. ఫ్రిజ్ సాకెట్ దగ్గర ఒకటి. మూడోదే అసలుది. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఫ్రిజ్ నెగటివ్ బాడీకి బిగించిన చోట ఇనుము మీద పెట్టు. అక్కడ సున్నాకు దగ్గరగా రావాలి, 0.2 వోల్టు దాటిందంటే ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపే జాయింటు, బాగాలేనట్టే. ముల్లును పెయింట్ మీద పెడితే రీడింగు తప్పు వస్తుంది, కొద్దిగా గీకి పెట్టు.

కడప క్యాంపర్:

చూశానన్నా. ఫ్రిజ్ నిజంగానే హైలో ఉంది. లోలో పెట్టి అన్నీ ఆన్ చేశాను, వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తెప్పించి చూస్తే మొత్తం సుమారు 10 ఆంపియర్లు. బ్యాటరీ పోస్టుల దగ్గర 12.4, ఫ్రిజ్ సాకెట్‌లో 10.9, నెగటివ్ పోస్టు నుంచి బాడీకి 0.9. వైరు మీద 2.5 అనే రాసుంది.

అనంత ఆటో వైరింగ్:

అయితే దొరికినట్టే. పోయింది మొత్తం 1.5 వోల్టులు, అందులో నెగటివ్ వైపే 0.9, మిగతా 0.6 పాజిటివ్ వైరులో, ఫ్యూజు హోల్డరులో. 0.9 వోల్టు, 10 ఆంపియర్లు అంటే ఆ ఎర్త్ జాయింట్ల దగ్గర 9 వాట్లు వేడిగా పోతోంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే లగ్గును విప్పు, కింద పెయింట్ ఉంటే ఇనుము తెల్లగా కనపడేదాకా ఎమ్రీ పేపరుతో గీకు, నక్షత్రం వాషరు వేసి నట్టు బోల్టుతో బిగించు, పైన గ్రీజు పూయి. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ ఉంటే తీసి పడేయ్, మన రోడ్ల మీద, ముఖ్యంగా బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు రాళ్ల లారీలు తిరిగే రోడ్ల మీద, ఆ కుదుపులకు అది లూజవుతుంది. ఫ్రిజ్‌కు మాత్రం బాడీని నమ్మకు, పాజిటివ్, నెగటివ్ రెండూ 10 స్క్వేర్ ఎంఎం వైర్లు నేరుగా వేయించు. లగ్గును కటింగ్ ప్లయరుతో నొక్కితే సరిపోదు, క్రింపింగ్ టూలుతోనే నొక్కించు.

కర్నూలు హైవే:

వైరింగ్ గురించి అన్న చెప్పింది కరెక్టే గానీ బ్యాటరీ బాగుందని ఇప్పుడే నేను ఒప్పుకోను. 10 ఆంపియర్లకు 12.4 నిలబడటం పెద్ద విషయం కాదు. 1000 వాట్ల ఇన్వర్టర్ ఫుల్ లోడులో 90 ఆంపియర్ల పైనే లాగుతుంది, అప్పుడు ఎంత పడిపోతుందో చూడాలి. మిక్సీ వేసినప్పుడు ఇన్వర్టర్ కూతపెడుతోందా? పైగా మన ఎండలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఎన్నేళ్లు వస్తుందో, వేడి 10 డిగ్రీలు పెరిగితే సుమారు అందులో సగమే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మూసి పెట్టిన వ్యాన్‌లో మంచం కింద ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడండి, ఒక్క సెల్లు మిగతావాటి కంటే బాగా తక్కువుంటే బ్యాటరీ పోయినట్టే.

దీనికంటే ముఖ్యమైన మాట. ట్యూబులర్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మనుషులు పడుకునే మంచం కిందే ఉంది కదా, ఆ పెట్టెకు పైభాగం నుంచి బయటికి గాలి గొట్టం ఉందా? లేకపోతే ముందు అది పెట్టించండి, ఇన్వర్టర్ కూడా ఆ పెట్టెలోనే ఉంటే బయటికి తీయండి. నిప్పురవ్వ వచ్చే వస్తువు ఏదీ అందులో ఉండకూడదు.

షాక్ సంగతి. ప్లగ్గులో మూడో పిన్ను ఎర్త్ ఆ ఇంట్లో నిజంగా భూమిలోకి పోతోందా? పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ వైరే ఉండదు. ఎర్త్ లేనప్పుడు చార్జర్ లోపలి ఫిల్టర్ వల్ల కూడా బాడీకి కొంచెం కరెంటు వచ్చి జివ్వుమంటుంది, కానీ ఎక్కడో ఫేజ్ వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా మొదట అలాగే ఉండొచ్చు. చేతితో తేడా తెలుసుకునే పని పెట్టుకోవద్దు. ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టించి చూపించండి, వ్యాన్ లోపలికి కరెంటు వచ్చే చోటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) వేయించండి. ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అనుకోవద్దు, అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ఇన్వర్టర్ కరెంటు, ఇంటి కరెంటు రెండూ ఒకే సాకెట్లకు పోతుంటే మధ్యలో ఒకసారికి ఒక్కదాన్నే కలిపే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

సీమ ట్రావెల్ అక్క:

ఇన్సులిన్ విషయంలో ఒక్క మాట బాబూ. ఫ్రిజ్ సరయ్యేదాకా దాన్నే నమ్ముకోకుండా ఐస్ ప్యాక్‌లున్న చిన్న డబ్బా వెంట ఉంచుకోండి, మందు మాత్రం ఐస్‌కు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. లోపల చిన్న థర్మామీటరు పెట్టుకోండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి.

ఈ థ్రెడ్ చదివే కొత్త బండ్ల వాళ్లకు ఇంకో సంగతి. చాలా బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసేది) వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, అందుకని రిలే పెట్టి రెండో బ్యాటరీకి కలిపితే ఎంత దూరం నడిపినా పూర్తిగా నిండకపోవచ్చు. ఆ వోల్టేజీని సరిచేసి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ వేయించుకోవాలి.

కడప క్యాంపర్:

అందరికీ థ్యాంక్స్. ఎర్త్ లగ్గు కింద నిండా పెయింటే ఉంది, గీకి బోల్టు వేయించాను. ఫ్రిజ్‌కు 10 స్క్వేర్ ఎంఎం వైర్లు రెండూ నేరుగా వేయించాక అదే లోడుతో సాకెట్‌లో 12.1 వస్తోంది, రాత్రంతా ఆగకుండా నడిచింది. హైడ్రోమీటరులో ఒక సెల్లు కొంచెం తక్కువ ఉంది, ఫుల్ చార్జ్ చేసి మళ్లీ చూస్తాను కర్నూలు అన్నా. గాలి గొట్టం పని రేపు. అత్తగారింట్లో సాకెట్ విప్పితే ఎర్త్ వైరే లేదు, ఎర్త్ పిట్టు తీయించి ఆర్‌సీసీబీ వేసేదాకా సోలార్‌తోనే నడుపుతాం. కొత్త పాజిటివ్ వైరుకు ఫ్యూజు ఎంత వేయాలి, ఎక్కడ పెట్టాలి?

అనంత ఆటో వైరింగ్:

30 ఆంపియర్లు చాలు. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపలే పెట్టు, ఫ్రిజ్ దగ్గర కాదు. మధ్యలో వైరు ఎక్కడైనా నలిగి బాడీకి తగిలితే, ఫ్యూజు అవతలి కొసన ఉంటే అది ఎగరదు, వైరు కాలుతుంది. ఇన్వర్టర్ వైరుకు వేరే ఫ్యూజు ఉందో లేదో కూడా చూడు, ఫోటో పెట్టు.