తెరవని పెట్టె అన్నారు, ప్లాస్టిక్ కేసు మీద గీత ఉంది: 1999 సిల్వర్ ప్రూఫ్ సెట్

పాతరాగి:
అందరికీ నమస్కారం. అమెరికా మింట్ (నాణేల ముద్రణాలయం) వాళ్ల 1999 సిల్వర్ ప్రూఫ్ సెట్ కొన్నాను, అంటే సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా ముద్రించిన నాణేల సెట్. ఎవరూ ముట్టుకోలేదని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. పెట్టె, సర్టిఫికెట్ రెండూ శుభ్రంగా ఉన్నాయి. టెన్షన్ అంతా ఐదు క్వార్టర్లున్న (పావు డాలర్ నాణేలు) ప్లాస్టిక్ కేసు గురించే. ఒక మూల అతుకు దగ్గర సన్నటి బ్లేడు దూర్చి ఎత్తినట్టు తెల్లటి గీత ఉంది. వాటిలో డెలావేర్ రాష్ట్రం నాణెం కాస్త పక్కకి తిరిగి ఉంది. తెరవకుండా వెండో కాదో తేల్చేదెలా? సర్టిఫికెట్‌ని నమ్మొచ్చా? వెనక్కి పంపాలంటే ఏం చూపించాలి?

అంచుమీదకన్ను:
సర్టిఫికెట్‌ని లెక్కలోకే తీసుకోకండి. అదే ఏడాది సెట్ ఏదైనా సరే, ఆ పెట్టెలో పెడితే ఇమిడిపోతుంది. తూచండి. 90 శాతం వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, రాగి మీద రాగి-నికెల్ పొర ఉన్న మామూలుది 5.67. ఐదింటికీ కలిపి 2.9 గ్రాముల తేడా రావాలి. అదే ఏడాది మామూలు ప్రూఫ్ సెట్ తెలిసినవాళ్ల దగ్గరుంటే ఆ క్వార్టర్ల కేసునీ దీన్నీ ఒకే త్రాసు మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి.

వెండికొండ:
త్రాసులెందుకండీ? డీలర్ టేబుల్ వెనక ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి నేను. వెండి తెలుపు వేరు, రాగి-నికెల్ పొర తెలుపు వేరు. నాకు చూపిస్తే అక్కడికక్కడే చెప్పేస్తాను.

అంచుమీదకన్ను:
వెండికొండ గారూ, ప్రూఫ్ మెరుపులో ఆ రెండు తెలుపులూ కొత్తవాళ్లకి తేడా తెలియదు. మీ మాట విని కంటిచూపుతో కొనేసి డబ్బు పోగొట్టుకుంటారు. అంచున రాగి గీత కనబడితే అది వెండి కాదని రుజువు. కేసులో అంచు సరిగ్గా కనబడకపోతే తూకమే దిక్కు.

వెండికొండ:
కొత్తవాళ్ల సంగతి నేనెక్కడ ఎత్తాను? నా చేతిలో పెడితే చెప్తానన్నాను. అనుభవాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి.

సీలుకవరు:
‘తెరవలేదు’ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. 1960 ప్రూఫ్ సెట్, సీలు తీయని కవరు అంటే కొన్నాను. ఆ ఏడాది సెంటు నాణెంలో, అంకెల సైజుని బట్టి పెద్ద తేదీ, చిన్న తేదీ అని రెండు రకాలున్నాయి, చిన్న తేదీదానికే గిరాకీ. కవరు తెరిస్తే పెద్ద తేదీ. పోనీ అదృష్టం అనుకుందామా అంటే, మడత కింద రెండు రకాల జిగురు! పాతది పసుపెక్కి పొడిపొడిగా రాలుతోంది. దాని మీద పూసిన కొత్తది గోటితో లాగితే సాగుతోంది. ఎవరో తెరిచి, చిన్న తేదీ కోసం వెతికి, మళ్లీ అంటించారు. సీలు ఉందనే నా దగ్గర ఎక్కువ తీసుకున్నారు. తెరిస్తే వాపసు లేదట. తెరవకుండా లోపలున్నది ఎలా తెలుస్తుందండీ?

ముద్రశాల:
అసలు జబ్బు ఖాళీ పెట్టెలు. ‘పెట్టె, సర్టిఫికెట్ మాత్రమే, నాణెం లేదు’ అని వేలం సైట్లలో బాహాటంగా అమ్ముతున్నారు. నాణెం లేని సర్టిఫికెట్ ఎవరికి కావాలి? 1973 హాబీ ప్రొటెక్షన్ చట్టం కింద వీళ్లందరి మీదా కేసులు పెట్టాలి.

డబ్బాలభద్రం:
నేను అమ్ముతాను. నాణేల్ని గ్రేడింగ్‌కి, అంటే అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చి హోల్డర్‌లో సీలు చేసే సంస్థలకి పంపితే పెట్టెలు మిగులుతాయి. తడిసి పాడైన పెట్టెకి బదులు మంచిది పెట్టుకుందామని కొనేవాళ్లున్నారు. నన్ను దొంగల్లో కలపొద్దు.

ముద్రశాల:
కొన్నవాళ్లు దాంట్లో ఏం పెడుతున్నారో మీకు తెలుసా? 1995 డబ్ల్యూ (వెస్ట్ పాయింట్ ముద్రణాలయం గుర్తు) సిల్వర్ ఈగిల్ వెండి నాణేలు 30,125 మాత్రమే వచ్చాయి, అవీ పదో వార్షికోత్సవం బంగారు సెట్‌తోనే. దాని పెట్టె ఖాళీగా దొరికితే మోసగాడికి సగం పని అయిపోయినట్టే. పెట్టె అమ్ముకోండి, సర్టిఫికెట్ చింపేయండి.

డబ్బాలభద్రం:
నా కాగితం నేనెందుకు చింపాలి? మీరు చెప్పిన ఆ పెట్టె నా దగ్గర ఎప్పుడూ లేదు. నాణెం చూడకుండా పెట్టె చూసి కొనేవాళ్లదే తప్పు.

సీలుకవరు:
మోసపోయినవాళ్లదే తప్పంటారా? ఆ మాట వెనక్కి తీసుకోండి.

నిదానం:
ఇద్దరూ కాస్త ఆగండి. ఆ చట్టం నకిలీ నాణెం మీద ‘కాపీ’ అని ముద్ర ఉండాలంటుంది. 2014 సవరణతో, తెలిసీ నకిలీల అమ్మకానికి సాయపడేవాళ్లూ, గ్రేడింగ్ సంస్థల గుర్తుల్ని దొంగతనంగా వాడుకునేవాళ్లూ దాని కిందికి వచ్చారు. మింట్ వాళ్ల అసలు పెట్టెని ‘ఖాళీ’ అని చెప్పి అమ్మడం నేరం కాదు. కానీ భద్రం గారూ, పెట్టె లోపల ‘తర్వాత మార్చినది’ అని చిన్న స్టాంపు వేయడానికి మీకేం అడ్డు?

డబ్బాలభద్రం:
స్టాంపు వేస్తే ఎవరూ కొనరు.

ముద్రశాల:
అదే నేను మొదటినుంచీ చెప్తున్నది!

పాతరాగి:
స్నేహితుడి మామూలు సెట్ తెచ్చి తూచాను. క్వార్టర్ల కేసులు రెండూ ఇంచుమించు ఒకే బరువు. మూడు గ్రాములు కాదు కదా, అర గ్రాము తేడా కూడా లేదు. వెండి పెట్టెలో మామూలు క్వార్టర్లు పెట్టి అమ్మాడన్నమాట. త్రాసు మీద రెండింటినీ, కేసు మూల గీతనీ వీడియో తీసి పంపాను. వాపసుకి ఒప్పుకున్నాడు, పంపే ఖర్చు మాత్రం నన్నే పెట్టుకోమంటున్నాడు.

అంచుమీదకన్ను:
ఒప్పుకోకండి. వర్ణనలో ‘సిల్వర్’ అని రాసి అమ్మాడు, ఖర్చు అతనిదే.

కొత్తచేయి:
ఈ పెట్టెల గొడవ వదిలేసి పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ సీలు చేసిన హోల్డర్‌లో ఉన్నవే కొంటే సరిపోతుంది కదా? హోల్డర్ మీది నంబర్ వాళ్ల సైట్‌లో కొడితే వివరాలు వస్తాయి.

అంచుమీదకన్ను:
సరిపోదు. నకిలీ హోల్డర్ మీద నిజంగా జారీ అయిన నంబరే వేస్తారు, కాబట్టి సైట్‌లో ‘ఉంది’ అనే వస్తుంది. అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలో ఉన్నదానితో మచ్చ మచ్చా పోల్చండి. రాగి నాణేల రంగు ఏళ్ల మీద మారొచ్చు, గీతలు, దెబ్బలు మాత్రం చోటు మారవు.

వెండికొండ:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. లేబుల్ అక్షరాలు, హోల్డర్ అంచు అతుకు కూడా చూడండి.

సీలుకవరు:
1955 నుంచి 1964 దాకా కవర్లలో వచ్చిన సెట్లు ఎవరి దగ్గరున్నా, తెరిచినవైనా సరే, మడత దగ్గర జిగురు దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. లోపలి కార్డు కూడా. అసలు జిగురు ఎలా ఉంటుందో అందరికీ కనబడేలా వేరే చర్చ మొదలుపెడుతున్నాను.