"తల్లి చాలు పిల్లకు..." తర్వాతి మాట ఏమిటి?

పాడేరు టీచరు:
అందరికీ నమస్కారం. మా ఏజెన్సీలో ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు శనివారాలు సికిల్ సెల్ (ఎర్ర రక్త కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) గురించి, జన్యువుల గురించి పాఠం చెబుతున్నాను. అందరూ ముప్పై దాటినవాళ్ళే, కొందరికి యాభై దగ్గరపడింది. "జన్యువు" అనగానే పెన్ను కింద పెట్టేస్తారు. "ఈ పిల్ల అచ్చం మేనత్తే" అంటే మాత్రం వాళ్ళే కథలు అందుకుంటారు. అందుకని మా అమ్మమ్మ అనే సామెతతో మొదలుపెడదామనుకున్నాను. "తల్లి చాలు పిల్లకు..." దగ్గరే ఆగిపోతున్నాను. చివర తప్పుతుందా, తప్పదు, రాకపోతుందా? ఇందులో చాలు అంటే నాగటి చాలేనా? క్లాసులో అడిగితే గట్టిగా చెప్పగలగాలి.

తెనాలి మాస్టారు:
"తప్పుతుందా" అమ్మా. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" లాగా ఇలాంటి సామెతలు ప్రశ్నగానే ముగుస్తాయి. "తప్పదు" అంటే తీర్పు చెప్పినట్టుంటుంది, సామెత అలా మాట్లాడదు. చాలు నాగటి చాలే, సందేహం లేదు. జనకుడికి సీతమ్మ దొరికిన చాలు.

జగిత్యాల అక్క:
మా దిక్కు సాలు అంటం. పత్తి సాలు, మక్క సాలు. ఎడ్లు పక్కకు పోతే "సాలు తప్పింది" అంటరు. ఈ సామెతల "తప్పు" అదే. తల్లి నడిచిన సాలును పిల్ల విడిచిపోదు అని. కాబట్టి "తల్లి సాలు పిల్లకు తప్పదు". దున్నినోళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

తెనాలి మాస్టారు:
వివరణ బాగుంది, కానీ సాలు అసలు రూపం కాదు. దంత్య ౘకారం, ౘాలు. ౘ నోరు జారితే స అవుతుంది.

జగిత్యాల అక్క:
నోరు జారుడు కాదు మాస్టారూ. కన్నడంలో వరుసను సాలు అనే అంటరు, అట్లనే రాస్తరు. తమిళంలో చ రాసి స పలుకుతరు. ఇన్ని దిక్కుల ఉన్నది మా దిక్కుకొచ్చేసరికి ఎట్ల తప్పయితది?

హబ్సిగూడ ల్యాబు:
చ, స సంగతి మీరు తేల్చుకోండి, నాకు "తల్లి" అన్న మాటే ముఖ్యం. తండ్రి చాలు అని ఎందుకు లేదు? కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది. అందులో 37 జన్యువులు, అవి తల్లి నుంచే వస్తాయి, కూతురు మళ్ళీ తన పిల్లలకు ఇస్తుంది. ఆడవాళ్ళ వెంట తెగకుండా సాగే చాలు అది. సామెత కట్టినవాళ్ళకు మైటోకాండ్రియా తెలియకపోవచ్చు, కానీ మాట సరిగ్గా అక్కడే వాలింది. టీచరు గారు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

విశాఖ డాక్టరమ్మ:
దయచేసి అలా మొదలుపెట్టకండి. మనిషికి సుమారు 20,000 జన్యువులుంటే అందులో ఆ 37 ఎంత? సికిల్ సెల్‌కు కారణమైన హెచ్‌బీబీ జన్యువు 11వ క్రోమోజోములో ఉంది. జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మారినవే రావాలి. ఈ సామెత విన్న ఆశా అక్క ఊళ్ళోకి వెళ్ళి ఏం చెబుతుంది? "తల్లి నుంచే వచ్చింది" అంటుంది. కోడళ్ళను ఇప్పటికే ఎన్ని మాటలంటున్నారో వార్డులో రోజూ వింటున్నాను. పైగా మీరెవరూ పట్టించుకోని ఇంకో అర్థం ఉంది. చాలు అంటే సరిపోతుంది అని కూడా కదా. "తల్లి చాలు" అని విన్నవాళ్ళు జబ్బు రావడానికి తల్లి ఒక్కతే చాలు అనుకుంటే?

తెనాలి మాస్టారు:
ఆ మాటలోనూ ౘకారమే, పలుకులో తేడా దొరకదు. వాక్యాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. డాక్టరమ్మ గారు చెప్పిన ప్రమాదం నిజమే.

కడప వాసి:
గూఢమైన మాట పెట్టి తర్వాత దాన్ని విడమరచడం ఎందుకని మా మొల్ల ఎప్పుడో చెప్పింది. మాది బద్వేలు పక్కనే, గోపవరం దగ్గర. "తేనె సోక నోరు తీయన యగురీతి తోడ నర్థమెల్ల తోచకుండ గూఢశబ్దములను గూర్చిన కావ్యమ్ము మూగచెవిటివారి ముచ్చటయగును." పెద్దవాళ్ళకు పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ గోడ మీద రాసుకోవాల్సిన పద్యం. నాలుక మీద తేనె పడగానే తీపి తెలిసినట్టు మాట వినగానే అర్థం తెలియాలి. సంస్కృతం దండిగా వచ్చినవాళ్ళు రామాయణాలు రాస్తున్న కాలంలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

తెనాలి మాస్టారు:
పద్యం గొప్పది, అందుకే సరిగ్గా చదవాలి. "ముచ్చటగును". ఆటవెలది నాలుగో పాదంలో అయిదూ సూర్యగణాలే: మూగ, చెవిటి, వారి, ముచ్చ, టగును. మీరు "య" చేర్చారు. అప్పుడు ముచ్చ, టయగు అయిపోయి చివర "ను" ఒంటరిగా మిగులుతుంది.

కడప వాసి:
మా ఊళ్ళో రాగం తీసి పాడేటప్పుడు అలాగే అంటారు మాస్టారూ. పాటలో "య" ఇమిడిపోతుంది. మొల్ల పద్యం కాగితం మీద కంటే నోళ్ళలోనే ఎక్కువ బతికింది.

హబ్సిగూడ ల్యాబు:
ఈ "య" నాకు బాగా పనికొచ్చింది. హెచ్‌బీబీ జన్యువులో అక్షరాలను కణం మూడేసి చొప్పున చదువుతుంది, ఒక్కో మూడూ ఒక స్థానం. మన దేశంలో బీటా థలసీమియాకు (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు) ఎక్కువగా కనిపించే మార్పుల్లో ఒకటి, 8, 9 స్థానాల దగ్గర ఒక జీ అక్షరం అదనంగా చేరడం. అక్కణ్ణుంచి మూడేసి లెక్క మొత్తం చెడిపోతుంది, ప్రొటీనే తయారు కాదు. సికిల్ సెల్‌లో లెక్క చెడదు. ఆరో స్థానంలో జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది, అంతే. ప్రొటీన్ పూర్తిగా తయారవుతుంది, కానీ అందులో గ్లుటామిక్ ఆమ్లం అనే ముక్క ఉండాల్సిన చోట వాలీన్ అనే ఇంకో ముక్క వచ్చి కూర్చుంటుంది. ఛందస్సు చెడలేదు, మాట మారింది. జన్యువు ఒకటే, జబ్బులు రెండు. పద్యాలు తెలిసిన క్లాసుకైతే నేను ఇలాగే చెబుతాను.

పాడేరు టీచరు:
ఇది రాసి పెట్టుకున్నాను. కానీ మా వాళ్ళు ముందు అడిగేది కార్డు గురించి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. పరీక్ష చేసి ఫలితం రాసిన కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు చూపించి ఇంటింటికీ అర్థం చెప్పాల్సింది మా ఆశా అక్కలే. అందుకే ఈ సామెత మీద ఇంత పట్టుదల. డాక్టరమ్మ గారి మాట విన్నాక బోర్డు మీద రెండు చాళ్ళు గీద్దామనుకుంటున్నాను, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది.

విశాఖ డాక్టరమ్మ:
రెండు చాళ్ళు చాలా మంచిది. గీసేటప్పుడు ఒక్క విషయం గట్టిగా చెప్పండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా మారిన జన్యువు ఒక్కటి మోసేవాళ్ళైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకం అయ్యే అవకాశం నాలుగింట రెండు. "మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక ముగ్గురికి భయం లేదు" అనుకునేవాళ్ళను ఎంతమందిని చూశానో. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

హబ్సిగూడ ల్యాబు:
తల్లి చాలును పూర్తిగా కొట్టెయ్యకండి. ఎర్ర కణాలను కాపాడే ఎంజైముకు సంబంధించిన జీ6పీడీ జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంది. కొడుకుకు ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. ఆ లోపం ఉన్నవాళ్ళకు వైవాక్స్ రకం మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మందు పడదు, ఎర్ర కణాలు పగిలిపోతాయి. మలేరియా ఉండే మన్యంలో ఈ ముక్క తప్పకుండా చెప్పాలి. సామెత ఇక్కడ కొడుకుల విషయంలో నిలబడుతుంది.

జగిత్యాల అక్క:
కొడుకుల సామెతయితే "పిల్లకు" అని ఎందుకుంటది? పిల్ల అంటే ఆడపిల్ల.

తెనాలి మాస్టారు:
బిడ్డ అనే అర్థంలోనూ వాడతారమ్మా, "పిల్ల" నపుంసకంగా.

జగిత్యాల అక్క:
మా దిక్కు పిల్ల అంటే ఆడపిల్లనే. మా అమ్మ "మేనత్త సాలు" అన్నా ఆడపిల్లకే అనేది. ఆ సాలుకు తోడు మేనరికం. మేనమామకు, మేనకోడలికి డీఎన్ఏ పావు వంతు ఒకటే ఉంటదట. ఒకే ఇంటి సాలు రెండు దిక్కుల నుంచి వచ్చి కలుస్తది. ఇదీ బోర్డు మీద గీయండి టీచరమ్మా.

అరకు నుంచి:
ఇప్పుడే అంతా చదివాను. మీరు తెలుగు చాలు, కన్నడ సాలు, తమిళ చాల్ అన్నీ చూశారు. ఆ క్లాసులో కూర్చునేవాళ్ళలో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు? మా వైపు చాలామందిది కువి, ఆదివాసీ ఒడియా. పైగా కొండ వాలు పోడులో నాగలి ఆడదు. పల్లంలో వరి వేసేవాళ్ళకు చాలు తెలుసు, పోడు వాళ్ళకు తెలియకపోవచ్చు. పిల్ల తల్లినో తండ్రినో పోలితే మీ ఇళ్ళల్లో ఏమంటారని ముందు వాళ్ళనే అడగండి టీచరు గారూ. వాళ్ళు చెప్పిన మాటలు ఇక్కడ పెట్టండి. నాకు కువి కొంత వచ్చు, సాయం చేస్తాను.

తెనాలి మాస్టారు:
తప్పకుండా పెట్టండి. ఆ మాటల్లో మొదటి అక్షరం చ నో స నో కూడా జాగ్రత్తగా విని రాయండి.